మంచం మీద నుంచే సముద్రం

మా వీధిలో ఆయనను అందరూ అడుగులాయన అనేవారు. బజారు ఎంత దూరమని అడిగితే పది నిమిషాల నడక అని ఊరుకునే మనిషి కాదు. "ఆరువందల నలభై అడుగులు, మధ్యలో ఒక ఎత్తు" అని చెప్పేవారు. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు కూడా వీధి గుమ్మం నుంచి పెరటి నూతిదాకా అడుగులు లెక్కపెట్టుకున్నారని ఆయన భార్య చెప్పి నవ్వేది. "నన్ను చూడ్డానికొచ్చి ఇల్లు కొలుచుకుపోయారు అన్నయ్యగారూ" అనేది నాతో.

ఆయన ఉద్యోగం వింతది. మా ఊరి చిన్న ప్రెస్సు ఒకటి ఏటేటా 'చవక విహారాలు' అనే పుస్తకం అచ్చువేసేది. కొద్దిపాటి జీతగాళ్ళు భార్యాబిడ్డలతో నాలుగు రోజులు సముద్రతీరానికో, ఏదైనా మహానగరానికో వెళ్ళి రావాలంటే ఎక్కడ దిగాలి, ఏ బస్సు ఎక్కాలి, ఏ వారం వెళితే అద్దెలు సగానికి దిగుతాయి అన్నవి అందులో ఉండేవి. ఆ పుస్తకం రాసేది అడుగులాయన. అచ్చుకు ముందు ప్రూఫులు దిద్దేది నేను. చవక అనాలా చౌక అనాలా అని మొదటి సంవత్సరం మా ఇద్దరికీ పెద్ద వాదమే జరిగింది. రెండూ సాధువులేనని నేను నిఘంటువు తెచ్చి చూపిస్తే, "రెండూ సాధువులైనప్పుడు పొట్టిది వేద్దాం మాస్టారూ, సిరా కలిసొస్తుంది" అన్నారు. రెండింటికీ నిడివిలో పెద్ద తేడా లేదని చెప్పినా వినలేదు. చివరికి అట్టమీద చవక, లోపల చౌక పడ్డాయి. ఆ అక్రమం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది గాని, ఈ కథకు దానితో సంబంధం లేదు.

ఆయన వాక్యాలు మాత్రం ముచ్చటగా ఉండేవి. 'సముద్రం ముందు వీధిలో దిగినవాడు అలలకు కూడా అద్దె కడతాడు. మూడో వీధిలో దిగినవాడు నిద్రకు మాత్రమే కడతాడు.' 'మహానగరంలో రైలు స్టేషనుకు ముందువైపు కాదు, వెనకవైపు గది చూసుకోవలెను.' 'శని ఆదివారములు వ్యాపారులవి. మంగళ బుధవారములు మనవి.' ఇలా ఉండేవి. వాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఒక తీరపట్టణపు లాడ్జి గురించి రాసింది. ఆ లాడ్జి సముద్రానికి ఎదురుగా ఒక మిట్టమీద ఉంది. 'చివరి గది తీసుకొనవలెను. ఒక్క మెట్టయినను ఎక్కనక్కరలేదు. కిటికీ తెర తీసినచో మంచం మీద నుంచే సముద్రం.' క్రియ లేని ఆ చివరి వాక్యాన్ని చూసి నా పెన్సిలు ఒక్కక్షణం ఆగింది. దిద్దలేదు. సముద్రం కనబడగానే క్రియను మరిచిపోయిన మనిషి రాసిన వాక్యం అది. దిద్దితే పాపం.

మొదటి పన్నెండేళ్ళూ ఆయన స్వయంగా తిరిగి చూసి రాసినవారే. గదిలోకి వెళ్ళగానే మంచం మీద కూర్చునేవారు, కొళాయి తిప్పేవారు, తలుపు గడియ వేసి తీసేవారు, తరవాత బయటికి వచ్చి అడుగులు లెక్కపెట్టేవారు. లాడ్జీలవాళ్ళు ఆయనకు జనం రాని నెలల్లో ఒక రాత్రికి ఉచితంగా గది ఇచ్చేవారు. ఉచితం ఒక్కరికే. రెండో మనిషికి అద్దె కట్టాలి. కాబట్టి ఆయన భార్య ఎప్పుడూ వెళ్ళలేదు.

"మీ పుస్తకంలో నూట ఎనభై ఊళ్ళున్నాయట, నేను చూసింది ఈ ఊరూ, మా పుట్టిల్లూ" అనేది ఆమె.

"నీ కోసం ఒకటి దాచి ఉంచాను. ఆ చివరి గది నీదే" అనేవారు ఆయన.

"దాచింది దాచినట్టే ఉంది. పాచి పట్టకుండా చూసుకోండి."

పన్నెండేళ్ళ తరవాత ప్రెస్సు యజమాని ప్రయాణపు ఖర్చులు ఆపేశాడు. "ఫోను ఉండగా రైలెందుకండీ" అన్నాడు. అప్పటినుంచి పని ఇలా సాగింది. పుస్తకం వేసే ముందు అడుగులాయన ఒక్కొక్క లాడ్జికీ ఫోను చేస్తారు. మూడే ప్రశ్నలు. అద్దె ఎంత, నీళ్ళు వస్తున్నాయా, గది అలాగే ఉందా. అవతలివాడు అలాగే ఉందంటే, పాత పుస్తకం అంచున ఎర్రసిరాతో 'అ' అని రాసుకుంటారు. అద్దె అంకె మార్చి, మిగతాదంతా ఉన్నది ఉన్నట్టుగా ప్రెస్సుకు పంపుతారు. కొన్నేళ్ళకు ఆ పుస్తకపు అంచులు అఆలు దిద్దుకుంటున్న పలకలాగా తయారయ్యాయి గాని, ఆ తరవాతి అక్షరం ఎన్నడూ రాలేదు.

పుస్తకం చివరి పేజీలో, పాఠకులు తమ అనుభవాలు రాయవలసిందని, ఆయన ఇంటి చిరునామా ఉండేది. ఉత్తరాలు వచ్చేవి. ఆయన భోజనం చేస్తుంటే ఎదురుగా కూర్చుని భార్య చదివి వినిపించేది. మెచ్చుకోలు ఉత్తరమైతే ఇంకొకసారి చదవమనేవారు. ఫిర్యాదైతే చెయ్యి అడ్డంగా ఊపేవారు. "ఇచ్చేది గోరంత, అడిగేది కొండంత. చవకగా పోయినవాడికి నోరు పెద్దది. పక్కన పడెయ్యి" అనేవారు. కొంతకాలానికి ఆమె ఫిర్యాదులు చదవడం మానేసింది. మెచ్చుకోలు మాత్రం చదివేది. పుస్తకం ఏటేటా మెరుగవుతోందని ఆయన నమ్మారు.

ఆమెకు గుండె జబ్బు వచ్చింది. మెట్లెక్కకూడదనీ, వంద అడుగులకు మించి నడవకూడదనీ డాక్టరు చెప్పాడు. వంద అడుగులన్న మాట వినగానే ఆయన ముఖం ఎలా అయిందో నేను చూశాను. ఆ సాయంత్రం ఆమె అడిగింది.

"ఏమండీ, ఒక్కసారి సముద్రం చూడాలని ఉంది. ఇంకెన్నాళ్ళుంటానో నాకు తెలీదు. తీసుకెళతారా?"

"నీ గది ఉందిగా. మెట్లు లేవు, నడక లేదు. మంచం మీద నుంచే."

ఆమె అలమర పైకి ఒకసారి చూసింది. తరవాత, "కిటికీ సంగతి ఒకసారి కనుక్కోండి" అన్నది.

"నా పుస్తకంలో నేను రాసింది నన్నే కనుక్కోమంటావా?"

"అలాగని కాదు. చాలా ఏళ్ళయిందిగా."

"ఏళ్ళయితే సముద్రం లేచిపోతుందా?"

నేను పక్కనే ఉన్నాను. పరిహాసమే అనుకుని నవ్వాను కూడా. అయినా ఆమె మాట తీసెయ్యలేక ఫోను చేశారు. అవే మూడు ప్రశ్నలు. గది అలాగే ఉందండీ అన్నాడు లాడ్జి యజమాని. "విన్నావుగా" అన్నారు భార్యతో.

సెలవుల నెల అది. ఆయన పుస్తకం ప్రకారం వెళ్ళకూడని నెల. కాని గుండె జబ్బుకు మంగళ బుధవారాలు తెలియవు. రైల్లో పడుకునే బెర్తు, స్టేషను నుంచి ఆటో, ఆటో నుంచి గది గుమ్మానికి పదహారు అడుగులు. అంతా ఆయన అనుకున్నట్టే జరిగింది. మంచం అదే, గడియ అదే, కొళాయిలో నీళ్ళు వస్తున్నాయి. ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, వీపు వెనక దిండు సర్ది, కళ్ళజోడు తుడిచి పెట్టారు. తరవాత కిటికీ దగ్గరికి వెళ్ళి తెర లాగారు.

ఎదురుగా గోడ.

చెయ్యి చాస్తే అందేటంత దగ్గరగా, కొత్త హోటలు వెనక గోడ. దానిమీద పైనుంచి కిందిదాకా మురుగు గొట్టాలు, వరసగా ఏసీ పెట్టెలు. ఒక పెట్టెలోంచి నీళ్ళు చుక్కచుక్కగా కారి కిందనున్న డబ్బాలో పడుతున్నాయి.

"నీళ్ళు కనబడుతున్నాయిలెండి" అన్నదట ఆమె.

ఆయన తెర మూశారు. మళ్ళీ తీశారు. గది బయటికి వెళ్ళి, తలుపుమీది అంకె చూసుకుని వచ్చారు. తరవాత లాడ్జి యజమాని దగ్గరికి పరుగెత్తారు.

"గది అలాగే ఉందన్నారు!"

"ఉంది కదండీ. మంచం మార్చామా? గడియ మార్చామా?"

"సముద్రం ఏదయ్యా?"

"సముద్రం గురించి మీరెప్పుడు అడిగారండీ? ఏటా మూడు ప్రశ్నలు. మూడింటికీ నిజమే చెప్పాను. ఆ హోటలు లేచి ఏడేళ్ళయింది. నా కడుపు కొట్టింది కూడా అదే. మీ పుస్తకం చూసి ఇంకా నలుగురు వస్తున్నారు గనక బతుకుతున్నాను. తెలిసే రాస్తున్నారేమో, మామీద దయేమో అనుకున్నాను."

ఆ మాటే తనను ఎక్కువ కుంగదీసిందని ఆయన తరవాత నాతో అన్నారు.

మూడు రోజులు పట్టు వదల్లేదు. ఎదుటి హోటలుకు వెళ్ళి సముద్రం వైపు గది అడిగారు. నెల చివరిదాకా ఒక్కటీ ఖాళీ లేదు. ఆటోలో ఆమెను రోడ్డు చివరిదాకా తీసుకెళ్ళారు. అక్కడ కొట్ల వరస, దాని వెనక కిందికి అరవైరెండు మెట్లు. హోరు వినబడింది. ఉప్పుగాలి తగిలింది. మనుషులు తడిసిన బట్టలతో పైకి వస్తున్నారు. ఆఖరి రోజున ఒక కుర్చీ, దాన్ని మొయ్యడానికి నలుగురు మనుషులను మాట్లాడుకుని వచ్చారు. ఆమె ఒప్పుకోలేదు.

"నలుగురు మోసే రోజు ఎలాగూ వస్తుంది. తొందరెందుకు?"

తిరిగి వచ్చిన రెండో రోజు సాయంత్రం నన్ను పిలిపించారు. కొత్త పుస్తకం ప్రూఫులు బల్లమీద ఉన్నాయి. ఆయన తాకలేదు. ఆమె మంచం మీద నుంచే, "అలమర పైన రేకు డబ్బా ఉంది, దింపండి అన్నయ్యగారూ" అన్నది. దింపాను. మూత తీస్తే ఉత్తరాలు. ఊళ్ళవారీగా దారంతో కట్టి ఉన్నాయి. ఫిర్యాదులు.

ఆ తీరపట్టణం కట్టలో పదకొండు ఉన్నాయి. మొదటిది ఏడేళ్ళ కిందటిది. 'అయ్యా, మీరు చెప్పిన గది కిటికీ ఎదుట గోడ లేచినది, దయచేసి పుస్తకమున సవరించవలెను' అని ఎవరో పోస్టుమాస్టరు పొందికగా రాశాడు. ఆయన పదకొండూ చదివారు. చాలాసేపటికి తలెత్తారు.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే వచ్చావా?"

"కనుక్కోమన్నాను కదా."

"గోడ ఉందని ఒక్క మాట అంటే పోయేదిగా!"

"పదకొండుమంది రాస్తే పక్కన పడెయ్యమన్నారు. పన్నెండోదాన్ని నేను. చూస్తే గాని మీకు నమ్మకం కుదరదని వచ్చాను." కాస్త ఆయాసం తీర్చుకుని ఆమె గోడవైపు తిరిగింది. "మీరంత గట్టిగా అంటుంటే, వాళ్ళే అబద్ధం రాశారేమోనని కూడా అనిపించింది. ఆశ. దానికి సిగ్గెక్కడిది?"

నేను ప్రూఫుల వంక చూస్తూ కూర్చున్నాను. ఏడేళ్ళుగా ఏటా ఆ వాక్యం నా కళ్ళముందునుంచే వెళ్ళింది. ఏటా దాన్ని మెచ్చుకుంటూనే ఉన్నాను. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు.

ఆయన ఆ వారమంతా డబ్బాలోని ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని పుస్తకం దిద్దారు. ఒక మహానగరంలో స్టేషను వెనకవైపు సత్రం కూలి నాలుగేళ్ళు. ఇంకొకచోట రోజంతా చెల్లే బస్సు టిక్కెట్టే ఎత్తివేశారు. దిద్దిన ప్రతి ప్రెస్సుకు పట్టుకెళితే యజమాని తిరగేసి చూసి, "ఇంత ఎరుపు పెడితే మళ్ళీ మొదటినుంచీ అక్షరాలు కూర్చాలండీ. ఎవరిస్తారు ఖర్చు? అయినా గది ఉందా లేదా? ఉంది. సముద్రం ఉందా లేదా? ఉంది" అన్నాడట. ఆయన అక్కడికక్కడే ఉద్యోగం వదిలేసి వచ్చారు. ఆయనతోపాటు నేనూ మానేశాను. పుస్తకం ఆగలేదు. అట్ట రంగు మారి, అద్దెలు పెరిగి, ఆ వాక్యంతోనే వచ్చింది.

ఆమె వానాకాలం దాటలేదు. మోసిన నలుగురిలో నేనొకణ్ణి.

చివరి పేజీలో చిరునామా కూడా ఎవరూ మార్చలేదు. అందువల్ల ఉత్తరాలు ఆయన ఇంటికే వస్తున్నాయి. ఇప్పుడు ఆయనే విప్పుతారు, ఒక్కొక్కదానికీ సొంత చేతితో జవాబు రాస్తారు. 'మీరు రాసినది నిజము. నేనును చూచితిని.' అంతే. తపాలాఫీసు నాలుగు వందల పది అడుగులు. రోజూ వెళతారు.

మొన్న ఒక కార్డు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఎవరో గుమాస్తా రాశాడు. 'మా అమ్మ నడవలేదు. ఒకసారి సముద్రం చూపించాలి. పెద్ద హోటళ్ళకు తూగలేము. మెట్లు లేకుండా మంచం మీద నుంచే సముద్రం అని మీరు రాసిన గది ఇంకా అలాగే ఉన్నదా? లేనియెడల అటువంటిదే మరొకటి చెప్పగలరా?'

"ఏం రాయమంటారు మాస్టారూ?"

"గోడ సంగతి రాయండి."

"అది రాశాను. రెండో ప్రశ్నకు?"

నూట ఎనభై ఊళ్ళు రాసిన మనిషి నా ఎదుట కార్డు పట్టుకుని కూర్చున్నారు. నేను కలం అందించాను. తెలియదని రాయడానికి ఆయనకు చాలా సేపు పట్టింది.