ఫైన్ అనకూడని ఇల్లు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ బాగుండేవాళ్ళు కాదు. రోగాలున్నాయని కాదు, బాగున్నామని ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు, అంతే. వీధిలో ఎవరైనా "బాగుండారా?" అని పలకరిస్తే మా అవ్వ (నాయనకు అమ్మ) ముఖం వేలాడేసుకుని, "ఏదోలేమ్మా, ఇట్లుండాము" అనేది. రెండు పూటలా రాగిసంగటి లాగించి, నిండు బిందె చంకనెత్తుకుని వస్తూ కూడా అదే జవాబు. బాగున్నామని పైకి అంటే దిష్టి తగులుతుందనీ, ఎదుటివాళ్ళ కళ్ళకంటే మన నోరే ఎక్కువ ప్రమాదమనీ అవ్వ సిద్ధాంతం. చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తాగా పనిచేసే నాయన, అంత పెద్దమనిషీ, ఎవరైనా క్షేమం అడిగితే ఒకసారి దగ్గి మరీ జవాబు చెప్పేవాడు.

అలాంటి ఇంట్లో పుట్టిన నేను ఇంగ్లీషు నేర్చుకోవడానికి బయలుదేరాను. డెబ్బైల చివర్లో సంగతి ఇది. ఇంటర్ పాసై ఇంట్లో కూర్చున్నాను. ఊళ్ళో కొత్తగా ఇంగ్లీషు మీడియం నర్సరీ బడి పెడుతున్నారనీ, టీచర్లు కావాలనీ తెలిసింది. నాయన ఒకే మాట అన్నాడు: "ఆ ఉద్యోగమొస్తే ఈడనే ఉండు, ప్రైవేటుగా బి.ఏ. కట్టుకో. రాలేదంటే పుత్తూరుకు మీ అత్త దగ్గరికి పోయి కుట్టుమిషన్ నేర్చుకో." అత్త మంచిదే, ఆమె మీద నాకేం కోపం లేదు. కానీ నాకు సూదిలో దారం ఎక్కించడమే చేతకాదు, చదువంటేనేమో ప్రాణం. అందుకని సాయంత్రాలు ఒక ట్యుటోరియల్‌లో చేరాను. అక్కడి సారు రోజుకొక ఇంగ్లీషు మాటను పట్టుకుని ఉతికి ఆరేసేవాడు. ఒకరోజు 'ఫైన్' వంతు వచ్చింది. "ఆకాశం తేటగా ఉంటే ఫైన్. పిండి మెత్తగా విసిరితే ఫైన్. లైబ్రరీ పుస్తకం ఆలస్యంగా ఇస్తే కట్టేదీ ఫైనే. ఇంటర్వ్యూలో హౌ ఆర్ యూ అన్నారంటే మాత్రం, జ్వరంతో ఒళ్ళు కాలిపోతా ఉన్నా సరే, నవ్వు ముఖంతో ఐ యామ్ ఫైన్, థాంక్యూ అనాల. అది రాలేదా, పనైపోయినట్టే!" అన్నాడు.

ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి మొదలుపెట్టాను. చేటలో బియ్యం చెరుగుతున్న అవ్వ తలెత్తి, "ఏందే అది, ఫైనూ ఫైనూ అంటా ఉండావు?" అని అడిగింది. "నేను చాలా బాగున్నాను అని అర్థమవ్వా" అని గొప్పగా చెప్పాను. అవ్వ చేతిలో చేట కింద పడింది. "ఏమ్మే, నోటికి అడ్డూ ఆపూ లేదా నీకు? పట్టపగలు వాకిలి తెరిసి పెట్టుకోని బాగుండానని అరస్తావా!" అంటూ ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గాము. (మేమెవరమూ బాగాలేమని వీధి వీధంతటికీ వినబడింది కాబట్టి అవ్వ మనసు కాస్త కుదుటపడింది.)

ఇక ఇంట్లో ఆ మాట నిషేధం. పెరట్లోకి పోయి మా పాడిబర్రెతో సాధన చేసుకున్నాను. హౌ ఆర్ యూ అని నేనే అడిగి, అది నెమరేస్తూ నా వంక చూస్తుంటే దాని తరఫున ఐ యామ్ ఫైన్ అని కూడా నేనే చెప్పేదాన్ని. ఒక పొద్దున అది ఏమనుకుందో ఏమో, కాలెత్తి పాలచెంబును తన్నింది. అవ్వ చెంబు వైపు చూడలేదు, తిన్నగా నా వైపే చూసింది. "దాన్ని గూడా బాగుండాదని అన్నావా?" అని అడిగింది. ఆ రోజు నాయన కాఫీ లేకుండానే మండీకి పోయాడు.

ఇంటర్వ్యూకు నాయనకు తీరిక లేక అవ్వే తోడొచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ మద్రాసు నుంచి వచ్చిన పెద్దావిడ. అవ్వ గడప పక్కనే చతికిలబడింది. మేడం కళ్ళజోడు సర్దుకుని, "హౌ ఆర్ యూ?" అంది. నోరు తెరిచాను. గడప దగ్గర అవ్వ కళ్ళు ఇంతింత చేసి, వద్దు వద్దని తల ఊపుతోంది (బర్రెతో నా సంభాషణ అన్నాళ్ళూ విన్నది కదా, ఆ ప్రశ్న ఆమెకూ కంఠతా వచ్చు). నా నాలుక మడతపడింది. "నాట్ ఫైన్, మేడం" అన్నాను. ఏమైందని అడిగింది ఆవిడ. "లెగ్ పెయిన్, మేడం. లిటిల్ ఫీవర్. బఫెలో ఆల్సో."

మేడం పెన్ను కింద పెట్టింది. అవ్వ వైపు తిరిగి తన అరవ యాసలో (పాటీ అంటే అరవంలో అవ్వ), "పిల్లకు ఒళ్ళు సరిలేదు పోలుంది పాటీ. చిన్న పిల్లలతో ఎట్ల వేగుతుంది? ఈ ఉద్యోగం వద్దు, ఇంటికి కూట్టుకుని పోండి" అంది. నాకు కళ్ళ ముందు కుట్టుమిషన్ చక్రం తిరిగింది. ఏడుపు తన్నుకొచ్చింది.

అప్పుడు లేచింది మా అవ్వ. "ఎవురికి ఒళ్ళు సరిలేదు? మా పిల్లకా? రోట్లో పొత్రం మాదిరి ఉండాదమ్మా! పుట్టినాక మాత్తర మింగి ఎరగదు. పిల్లకాయల్ని చెరొక సంకనా ఏసుకోని తిరపతి కొండెక్కమను, ఎక్కతాది. బాగుండాది! శానా బాగుండాది!" అని గది అదిరేలా అరిచింది. అరిచి, తను అన్నదేమిటో అప్పుడు తెలిసొచ్చి, కొంగుతో నోరు మూసుకుని నిలుచున్న చోటే కూలబడింది. ఆ మాట అవ్వ నోట నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు.

ఇదంతా ఏమిటని మేడం నన్ను ఇంగ్లీషులో అడిగింది. ఏం దాచను ఇక! దిష్టి, ఉప్పూ మిరపకాయలు, బర్రె, పాలచెంబు, నాయన కాఫీ, కుట్టుమిషన్, అన్నీ ఇంగ్లీషులోనే చెప్పేశాను. క్రియలు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నా ఆగకుండా చెప్పాను. ఆవిడ నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. "మా పాటీ కూడా ఇదే మాదిరి" అని, "ఇంత ఇంగ్లీషు పెట్టుకుని మొదట ఎందుకు మాట్లాడలేదు? సోమవారం వచ్చేసెయ్" అంది.

తిరిగి వచ్చేటప్పుడు అవ్వ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "పక్కన్నే నడువు. బస్సొస్తా ఉండాది, ఆగు. రాయి సూసుకోమ్మే." నాకు ఉద్యోగం వచ్చిందన్న సంతోషం ఆమెకు ఒక పక్క, తన నోటితో తనే అనేసిన మాటకు నాకేమవుతుందోనన్న భయం ఇంకో పక్క. పాపం, పట్టు ఇంకా బిగించింది. నాకేమో సిగ్గు. "అబ్బా, వదులవ్వా! టీచరమ్మను ఇట్లా పట్టుకోని పోతే ఎవురైనా సూస్తే ఏమనుకుంటారు?" అని విదిలించుకుని, సోమవారం ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచించుకుంటూ ముందు నడిచాను.

ఆ తర్వాత ఎంతమంది పిల్లలకు పాఠాలు చెప్పానో లెక్కలేదు. బి.ఏ. కూడా అయింది. కానీ అవ్వను వెనక వదిలేసి చకచకా పోతున్న ఆ కొత్త టీచరమ్మను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఇంటిదాకా ఆ చెయ్యి అట్లా ఉండనిచ్చి ఉంటే నీ సొమ్మేం పోయిందే పిచ్చిమొహమా, అని అడగాలనిపిస్తుంది.