ఫిర్యాదు చేశాక

గల్ఫ్‌లో, దుబాయ్‌కి దగ్గర్లోని రాస్ అల్ ఖైమాలో మేము అద్దెకున్న భవనం యజమానికి ఒక కొడుకుండేవాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. తన తెల్ల కారుకు సైలెన్సర్ పీకించేశాడు. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక స్నేహితులతో వచ్చి, కారును మా కిటికీ కింద నిలబెట్టి, కదలకుండానే ఇంజన్ హోరెత్తించేవాడు. గాజు తలుపులు అదిరేవి. ఆ అదురు నాకు ముందు పాదాల్లో తెలిసేది.

అప్పుడు మా పాపకు ఎనిమిదో నెల. ఉలిక్కిపడి ఏడుపు అందుకుంటే ఊపిరి బిగబట్టేది. పెదాలు నీలంగా మారేవి. ప్రాణానికేం కాదని, పెద్దయ్యే కొద్దీ అదే పోతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట ఆసుపత్రిలో ధైర్యంగానే ఉండేది. ఇంట్లో, చేతుల్లో పిల్ల కొయ్యబారిపోతుంటే ఏ మాటా గుర్తుండేది కాదు.

మావారు క్వారీ కంపెనీలో అకౌంటెంట్. మాది వరంగల్. పోలీసులకు చెబుదామంటే ఆయన మొహం పాలిపోయేది.

"ఊకో. మనం బతకనీకి వచ్చినోళ్లం. ఓనర్ కొడుకుతోని లొల్లి పెట్టుకుంటమా? కొత్త ట్రాఫిక్ చట్టం తెస్తున్నరట, ఆఫీసుల అంటున్నరు. అది రానీ, అన్నీ అవే సక్కగైతయ్."

"అందాక పిల్ల సంగతేంది?"

ఆయన లేచారు. మూసి ఉన్న కిటికీనే మళ్లీ గట్టిగా నొక్కి చూశారు.

ఒక సాయంత్రం ఆయన ఇంకా ఆఫీసులో ఉండగా కింద కారు అరిచింది. పాప ఒక్క కేక పెట్టి ఆగిపోయింది. మొహం మీద ఊదాను. వీపు రాశాను. మెడ వాలిపోయింది. మళ్లీ ఏడుపు వినపడేసరికి నేను నేల మీద ఉన్నాను, ఎప్పుడు కూలబడ్డానో తెలియదు. పిల్లను భుజాన వేసుకునే పోలీసులకు ఫోన్ చేశాను.

పోలీసు వచ్చేసరికి కారు వెళ్లిపోయింది. నడివయసు అరబ్బు మనిషి, గడప దాటి లోపలికి రాలేదు. హిందీ బాగానే మాట్లాడాడు. భయంతో నా నోట మావారి మాటే వచ్చింది. "కొత్త చట్టం వస్తే ఇవన్నీ ఆగిపోతాయటగా?"

"కొత్తది ఎందుకు మేడమ్? కానూన్ ఎప్పటినుంచో ఉంది. మేము వచ్చేసరికి వాళ్లు ఉండరు, చూసినవాళ్లు చెప్పరు. రేపు కొత్త కానూన్ వచ్చినా ఎవరో ఒకరు ఫోన్ చేయాల్సిందే. కారు నంబర్ చెప్పండి."

అది నాకు కంఠతా వచ్చు. చెప్పాను. నా పేరు బయటకు రాదన్నాడు. కానీ కింద మెట్ల దగ్గర భవనం కాపలా చూసే నాతూర్ తలెత్తి చూస్తున్నాడు. పోలీసు ఏ తలుపు ముందు నిలబడ్డాడో అతనికి తెలిసిపోయింది.

భోజనాల దగ్గర సంగతి విని మావారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "వీసా" అని ఒక్క మాటన్నారు. కలిపిన అన్నం కంచంలోనే ఉండిపోయింది. చెయ్యి కడుక్కుని వచ్చి, "పాప ఎట్లుంది?" అన్నారు.

కొన్నాళ్లు కారు కనిపించలేదు. దాన్ని పోలీసులు పట్టుకుపోయారని నాతూర్ నా కళ్లలోకి చూస్తూ చెప్పాడు. తిరిగొచ్చినప్పుడు దానికి కొత్త సైలెన్సర్ ఉంది. పాప హాయిగా నిద్రపోయేది. నాకే కునుకు పట్టేది కాదు. ఇదివరకు చప్పుడును బట్టి యజమాని కొడుకు వచ్చాడనీ వెళ్లాడనీ తెలిసేది. ఇప్పుడు ఏమీ తెలియదు. కూరగాయలకు కిందికి దిగాలన్నా ముందు పరదా తొలగించి చూసేదాన్ని.

ఒకరోజు అలా చూసుకునే దిగాను. అయినా మెట్ల మలుపులో ఎదురుపడ్డాడు. పాపను గుండెకు అదుముకున్నాను. అతను పక్కకు జరిగి దారిచ్చాడు.

"ఇప్పుడు నిద్రపోతోందా?" అని పాపను చూస్తూ హిందీలో అడిగాడు.

నవ్వలేదు. కోపంగానూ లేడు. నేను తలూపాను. అతను పైకి వెళ్లిపోయాడు. అది జాలో, బెదిరింపో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు కూరగాయలు కొనకుండానే తిరిగొచ్చి తలుపు గడియ వేసుకున్నాను.

కొన్నాళ్లకు కొత్త చట్టమూ వచ్చింది. అయినా వీధి చివర ఇంకెవరిదో కారు అరవడం మొదలైంది. "మీకు అలవాటే కదా, మీరే ఫోన్ చేయండి," అంది పక్కింటావిడ. చేయలేకపోయాను.

అద్దె గడువు తీరగానే ఇల్లు మారాం. ఎవరూ పొమ్మనలేదు. ఎందుకు వెళ్తున్నారని యజమాని అడిగితే, ఆఫీసుకు దగ్గరవుతుందని మావారు చెప్పారు. నిజానికి కొత్త ఇల్లు ఆఫీసుకు ఇంకా దూరం.