ముట్టకుండా ఎత్తిన గుండు

మా మనవరాలు సాయంత్రం ఇంట్లోకి వచ్చిందంటే ముందు వాసన వస్తుంది, మనిషి తర్వాత వస్తుంది. భుజాలకూ నడుముకూ పూసుకునే నొప్పిమందు వాసన అది, కర్పూరమూ నీలగిరి తైలమూ కలిపినట్టు ఘాటుగా ముక్కులోకి పోయి కూర్చుంటుంది. కర్నూలులో బరువులెత్తే ఆట నేర్చుకుంటోంది పిల్ల. పోయిన వేసవిలో ఒకనాడు వచ్చీ రాగానే గోడకానుకొని కండ్లు మూసుకొని కూర్చుంది. తలనొప్పా ఏమే అని అడిగితే, "కాదవ్వా, మా కోచ్ చెప్పినాడు. రేపు ఎత్తబోయే బరువును ఈ పొద్దే మనసులో ఎత్తల్లంట. విజువలైజేషన్ అంటారు. శానా కొత్త పద్ధతి" అనింది.

కొత్త పద్ధతంట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్ల మీద కాదు, పాపం దానికేం తెలుసు. ఎనభై దాటినాక కోపం తగ్గాల అంటారు అందరూ, నాకు తగ్గలే, తగ్గించుకోవాలని కూడా లేదు. ఆ పద్ధతి మా గేరిలో, అంటే మా వాళ్లుండే వాడలో, మా నాయన నోట్లో నుంచి, తెల్లదొరలు ఇంకా ఈ దేశంలో ఉన్న రోజుల్లోనే నేను విన్నాను. దాని వల్ల మా ఇంటికి ఏం జరిగిందో కూడా చూసినాను.

మా ఊరు బనగానపల్లెకు పడమటి దిక్కున, తవ్వితే చాలు నాపరాయి పడే నేల. ఇంటి కప్పు నాపబండ, అరుగు నాపబండ, పొలం గట్టు నాపబండ, ఎండాకాలం మధ్యాహ్నం వాటి మీద అడుగు పెడితే కాలు నిలవదు. ఆషాఢంలో గాలి మొదలైతే కంట్లో దుమ్ము, సంగటిలో దుమ్ము, కప్పుకున్న దుప్పట్లో దుమ్ము. మామిడి కాలంలో మాత్రం తోటల దిక్కు నుంచి పండ్ల బండ్లు పోతుంటే ఆ వాసన వెంబడే పిల్లలమంతా వంక దాకా పరిగెత్తేవాళ్లం, ఎందుకంటే పండు మా గేరి దాకా వచ్చేది కాదు. మా గేరి ఊరికి తూర్పున, వంక దాటినాక. మేము ఊళ్లోకి పోవాలంటే చెప్పులు చేత పట్టుకొని పోవాల. ఊరందరికీ చెప్పులు కుట్టేది మా నాయన. ఊరి వీధిలో చెప్పులతో నడవకూడనిదీ మా నాయనే. ఈ మాట చెప్తే మా మనవరాలు నవ్వింది, నేను కథ అల్లుతున్నాననుకొని.

ఊరి నడుమ చావిడి ఉండేది. దాని అరుగు ముందర నల్లటి గుండు, పెద్ద గుమ్మడికాయకు రెండింతలు, కోడిగుడ్డు మాదిరి నున్నగా ఉండేది. ఉగాది నాడు ఊరి వయసు పిల్లలు దాన్ని ఎత్తేవాళ్లు. ముందు మోకాలి మీదికి, మోకాలి నుంచి రొమ్ము మీదికి, రొమ్ము నుంచి భుజం మీదికి తెచ్చి వెనక్కు పడెయ్యాల. మనిషికి మూడు పట్లు, అంటే మూడుసార్లు ఎత్తి చూడొచ్చు. ఎత్తినవానికి ఊరికి పెద్దైన పెద్దరెడ్డి తన చేత్తో తలకు రుమాలు చుట్టి, మేళంతో నడివీధిలో నడిపించేవాడు, కాళ్లకు కిర్రుచెప్పులు కిర్రుకిర్రుమంటుంటే ఆ నడక చూడాల్సిందే. మేము కిరస్తానీలం, మాకు ఉగాది పండగ కాదు, ఐనా వేపపూత వాసనకూ ఊళ్లో కాలుతున్న ఓలిగల వాసనకూ ఆగలేక పిల్లాజెల్లా అందరమూ పోయి నిలబడేవాళ్లం. చావిడికి ఇవతల ఒక వేపచెట్టు ఉండేది, దాన్ని దాటి మా వాళ్లు ముందుకు పోకూడదు. గుండును ముట్టుకోవడం సంగతి చెప్పనే అక్కర్లేదు, దానికి పసుపు పూసి మొక్కేవాళ్లు. ఎత్తేవాళ్లు గుండుకు అవతల, అరుగు పక్కన నిలబడి, తూర్పుకు, అంటే మా దిక్కుకు మొగం పెట్టి ఎత్తేవాళ్లు. పడేసిన గుండును మళ్లీ దొర్లించుకొచ్చి, ఎప్పుడూ ఒకే పక్క మా దిక్కుకు ఉండేట్టు పెట్టేవాళ్లు. సూర్యునికి ఎదురుగా నిలబడి ఎత్తడం ఆనవాయితీ అనుకున్నాం మేము.

మా అన్న దానియేలు నాకంటే పదేండ్లు పెద్దవాడు. జొన్నల మూటలు రెండు ఒకేసారి వీపు మీద వేసుకొని వంక దిగి ఎక్కేవాడు, దించినాక కూడా వగర్చేవాడు కాదు. వాణ్ణి చూసినప్పుడల్లా మా నాయన మనసులో ఒకటే కోరిక. కొడుకు ఆ గుండెత్తాల, రుమాలు చుట్టించుకోవాల, కాళ్లకు చెప్పులేసుకొని నడివీధిలో నడవాల. అంతే. ఆయన భూమి అడగలే, బర్రె అడగలే. ఆ నడక కోసమని తన చేత్తో ఒక జత కిర్రుచెప్పులు కుట్టి, ఆముదం పట్టించి, గోడకు మేకు కొట్టి తగిలించినాడు. ఆ చెప్పుల కింద కూర్చునే మేము రొట్టె తినేవాళ్లం.

ముట్టకూడని గుండును సాధన చేసేదెట్ల? వంకలో వేరే రాళ్లు ఎత్తేవాడు అన్న, కాని నాయనకు అవి లెక్కలేదు. రాయి రాయికీ ఒక గుణం ఉంటాది అనేవాడు. ఆయన పెద్దరెడ్డి బావి దగ్గర కపిలె తోలేవాడు. ఎద్దులు వెనక్కూ ముందుకూ నడుస్తుంటే, కింద చీకట్లో తోలు బాన నీళ్లు తాకిందో, మునిగిందో, నిండిందో బావిలోకి తొంగి చూడకుండానే మోకు బిగువును బట్టి చెప్పేవాడు. "కనపడనిదాన్ని కూడా సూడొచ్చు, సూడనేర్చుకోవాల" అని ఆయన మాట. పొద్దు వాలినాక, జొన్నరొట్టెలు తట్టే చప్పుడు ఇంటింటా వినిపిస్తుంటే, పొయ్యి పొగా బర్రెల దుమ్మూ కలిసి గేరి అంతా మసకగా ఉంటే, అన్నను ప్రార్థన గుడి గోడ పక్కన కూర్చోబెట్టేవాడు. చెడుగుడు ఆడొచ్చిన పిల్లలు, బిళ్లంగోడు ఆడే చిల్లాకట్టె పట్టుకొని నేను, అందరమూ చుట్టూ చేరేవాళ్లం.

"కండ్లు మూసుకో. యాడ నిలబడినావు?"

"గుండుకు ఈ పక్క."

"కాలికి ఏం తగుల్తాంది?"

"నాపబండ. కాగుతాంది."

"మరి గుండు కూడా కాగింటాది గదప్పా. చేతులకు మట్టి పూసుకోకుండా యాడ పట్టుకుంటాండావు?"

అన్న కండ్లు మూసుకొనే వంగి, నేల మీది మట్టి తీసి అరచేతులకు రుద్దుకునేవాడు. మళ్లీ మొదట్నుంచి. ఊపిరి ఎప్పుడు పీల్చినావు, నడుము బిగించినావా, బరువు కుడికాలి మీదుందా ఎడంకాలి మీదుందా, గుండు మోకాలెక్కినాక చెవుల్లో ఏం వినపడతాంది. ఒక్కటి తప్పు చెప్పినా గుండు కింద పడినట్టే లెక్క. అన్న నుదుటి మీద నిజంగానే చెమట పట్టేది, మెడ నరాలు లేచేవి, చేతుల్లో ఏమీ లేకుండానే. చెడుగుడు పిల్లలకు కూడా అంతే, కూత పెట్టకముందే గీత దాటి పోయి ఒకని కాలు తాకి తిరిగి రావాల, కూర్చున్న చోట్నే, మనసులో. నేను ఆడపిల్లనని నాయన నన్ను లేపి పంపలే. నేనూ కండ్లు మూసుకొని ఆ గుండును ఎన్నిసార్లు ఎత్తినానో. పెద్దరెడ్డి కాళ్ల మీద పడేసినాను ఒకసారి, అది నాయనకు చెప్పలే.

"అరుగు పక్కకు మనల్ని రానీరు. ఎప్పుడైనా ఎత్తమంటే ఈ పక్క నుంచే ఎత్తమంటారు. అందుకే ఈ పక్క నుంచే సూడు" అనేవాడు నాయన. వేపచెట్టు కింద నిలబడి మాకు కనపడిన పక్కనే అన్న అణువణువూ కంఠతా పట్టినాడు. యాడ నున్నగా ఉండాది, యాడ కొంచెం లోతుండాది, యాడ తెల్లటి గీత ఉండాది, అన్నీ చెప్పేవాడు.

దీని మీద మా అయ్యగారికి కోపమొచ్చింది. అయ్యగారంటే పాదిరి. కండ్లు మూసుకొనేది ప్రార్థనకు గాని రాతిని తలుచుకునేదానికి కాదు, ఇది బండకు మొక్కడమే అని ఆదివారం గుళ్లో అందరి ముందరా గద్దించినాడు. మా నాయన తల వంచుకొని విని, బయటికొచ్చినాక "బండకు మొక్కేటోళ్లు మమ్మల్ని బండ దగ్గరికి రానీరు, దేవునికి మొక్కేటోళ్లు బండను తల్చుకోనీరు. మేము యాడికి పోవాలప్పా" అన్నాడు. ఊరి నుంచి వచ్చే పోటు చాలదని మా సొంత గుళ్లోంచి కూడా ఒకటి. ఐనా సాయంత్రం కూర్చోవడం మానలే.

ఆ ఉగాదికి పక్కూరి వాళ్లు పందేనికి వచ్చినారు. మా ఊరి గట్టి పిల్లోడు జ్వరంతో పడుకున్నాడు. మిగిలినవాళ్లలో ఒకడు మోకాలికి, ఒకడు రొమ్ముకు, అంతకు మించి రాలే. పక్కూరి పిల్లోడొకడు భుజానికెత్తి వెనక్కు పడేసి, మీ ఊళ్లో మొగోళ్లు ఐపోయినారా అన్నాడు. అరుగు మీద పెద్దరెడ్డి మొగం గంటు పెట్టుకున్నాడు. కాసేపు మాట్లాడుకున్నారు వాళ్లలో వాళ్లు. తర్వాత ఆయన గొంతు మాకు స్పష్టంగా వినపడింది.

"రే, ఆ దానేలుగాన్ని రమ్మనండిరా. ముందు ఊరి పరువు నిలబడనీ, గుండునెట్లైనా తర్వాత కడుక్కుందాం."

కడుక్కుందాం అన్న మాటకు మా గేరి ఆడోళ్లు తలలు దించుకున్నారు. నాయన దించలే. గోడ మీది చెప్పులు తెప్పించి చంకలో పెట్టుకున్నాడు. అన్న వేపచెట్టు దాటి ముందుకు పోయినాడు, మా వాళ్లలో ఒక మనిషి ఆ చెట్టు దాటడం నేను చూడడం అదే. గుండుకు ఈ పక్క నిలబడినాడు, మా దిక్కు వీపు పెట్టి. మట్టి తీసి చేతులకు రుద్దుకున్నాడు. ఒక గడియ కండ్లు మూసుకున్నాడు. అరుగు మీదోళ్లు నవ్వినారు, దేవునికి మొక్కుకుంటాండాడు అని.

గుండు లేచింది. ఒట్టు, నేను చూసినాను. మోకాలి మీదికి వచ్చింది, అక్కడ్నుంచి పొట్ట దాకా కూడా వచ్చింది. కాని రొమ్ము మీదికి తిప్పబోయేటప్పుడు వేళ్లకు పట్టు దొరకలే. నున్నటి రాయి, దేన్ని పట్టుకుంటాడు? జారింది. అన్న అరచేతుల చర్మం దానితోపాటే ఊడి పోయింది. గుండు నాపబండ మీద పడి బండ రెండు ముక్కలైంది, ఊరంతా గొల్లున నవ్వినారు, పక్కూరోళ్లూ మా ఊరోళ్లూ కలిసి.

నాయన చెట్టు కిందనే మోకరించి, "సామీ, ఇంగా రెండు పట్లు ఉండాయి" అన్నాడు.

"మూడు పట్లు మాకురా. మీకేందిరా పట్లు, పో" అన్నాడు పెద్దరెడ్డి.

మేమింకా అక్కడుండగానే కడవలతో నీళ్లు తెచ్చి గుండును కడిగి, మళ్లీ పసుపు పూసినారు. మా అన్న నెత్తురు ఆ నీళ్లతో వేపచెట్టు దాకా పారింది.

ఇంటికొచ్చినాక అమ్మ అన్న చేతులకు పసుపూ ఆముదమూ పెట్టి గుడ్డ చుట్టింది. అన్న ఏడవలే. నాయన మాత్రం గోడ మొగం కూర్చొని ఒకటే మాట. "తప్పు నాదే. నేను సరిగ్గా సూపించలే. నా సూపే సాలలే." ఆ చెప్పులను ఎవరికో ఇచ్చేసినాడు. ఆ తర్వాత ఏ పిల్లోన్నీ కండ్లు మూసుకోమని చెప్పలే. సాయంత్రాలు గుడి గోడ పక్కన ఎవరూ చేరలే. కపిలె దగ్గర బాన నిండిందా అని అడిగినా "ఏమో, సూసుకోండి" అనేవాడు. అన్న మా ఊరి మొగం చూడకుండా రైలు కట్ట పనికి పోయి, ఆ పనిలోనే యాడనో చచ్చిపోయినాడు. నాయన స్వతంత్రం వచ్చినాక కొన్నాళ్లకు పోయినాడు, పోయేటప్పుడు కూడా తను బిడ్డకు తప్పు నేర్పినాననే నమ్మినాడు.

పిల్ల కొత్త పద్ధతి అని చెప్పిన కొన్నాళ్లకే మా ఊళ్లో ఒక చావుకు పోవాల్సొచ్చింది. మనవరాలు తోడొచ్చింది. చావిడి లేదు, వేపచెట్టు లేదు, కపిలె బావి పూడ్చేసినారు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు గుండును మిషన్‌తో దొర్లించి, చెత్త వేసే చోట పడేసినారంట. పసుపు లేదు, మొక్కేవాళ్లు లేరు, దాని మీద కుక్క పడుకొనుంది. మనవరాలు కుక్కను అదిలించి, ఆట పిల్ల కదా, ఊరికే బరువు చూద్దామని వంగింది. వంగి, నా మొగం చూసింది.

"అవ్వా, ఈడ పట్టు ఉండాది సూడు."

పోయి చూసినాను. ఉలితో చెక్కిన గంట్లు, కుడిచేతికీ ఎడంచేతికీ నాలుగేసి, వేళ్లు కణుపు దాకా దూరేంత. ఎన్ని తరాల వేళ్లు దూరినాయో, అంచులు అద్దం మాదిరి అరిగున్నాయి. చెట్టు కింద నుంచి మాకు కనపడే ఆ తెల్లటి గీత వెతికినాను, అది ఇంకో పక్కనుంది. గంట్లున్నది అరుగు పక్క. అందరూ ఆ పక్క నిలబడి ఎత్తింది సూర్యుని కోసం కాదు.

ఆ పొద్దు అరుగు మీద కూర్చున్న ప్రతివానికీ ఇది తెలుసు. ఊరి పరువు కావాలన్నారే, ఈ పక్కకు రారా అని ఒక్క నోరు అనలే. మేము ఆ పక్కకు పోతే మైలైతే, గుండునే ఇటు తిప్పమని ఒక సైగ చేస్తే చాలు. మా వాడు ఎత్తడం కంటే ఓడిపోవడమే నయమనుకొని నోరు మూసుకున్నారా, లేకుంటే మాకు అవతలి పక్క ఎప్పుడూ కనపడి ఉండదని వాళ్ల బుర్రలకు తట్టనే లేదా? ఏది నిజమైనా నేను క్షమించను. గుళ్లో క్షమించమని చెప్తారు, నేను వింటాను, క్షమించను.

పట్టు లేని పక్క నుంచి పొట్ట దాకా లేపినాడు మా అన్న, నాయన చెప్పిన చూపుతోనే లేపినాడు. నాయన చెప్పిందాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు. ఆ మాట ఆయనకు చెబుదామని, పిల్లను వెంటబెట్టుకొని వంక దాటి మా గోరీల దొడ్డి దగ్గరికి పోయినాను. దొడ్డి లేదు. నాయనను పూడ్చిన చోటు మీదుగానే రోడ్డు పోయింది, లారీలు తెంపు లేకుండా పోతాండాయి. కంకర మీద నిలబడి, ఆ రొదలోనే, గట్టిగా అరిచి చెప్పినాను.