జీపును ఎత్తు చేయించిన ఎండాకాలం

మా జీపు అడుగుభాగం రాయికి కొట్టుకుని పగిలిన రోజు మా అత్త నలుగురి ముందు ఒక మాట అంది. "ఆడమనిషి చేతికి బండి ఇస్తే ఇట్లనే ఉంటాది." ఆ మాట అనకపోయి ఉంటే నేను జీపును అంత ఎత్తు చేయించేదాన్ని కాదేమో. తప్పు ఆమె మీదికి నెట్టాలని కాదు. నా పంతం ఎక్కడ మొదలైందో చెబుతున్నాను.

మాది వెలిగండ్ల వైపు కొండ కింద ఉన్న ఊరు. గొర్రెలు, మేకలు కలిపి నూట ఇరవై దాకా జీవాలు ఉంటాయి మాకు. ఎండలు ముదిరితే కింద పొలాల్లో గడ్డిపోచ ఉండదు. అందుకని నా భర్త మందను తోలుకుని కొండ మీదికి పోయి, వానలు పడేదాకా అక్కడే దొడ్డి వేసుకుని ఉంటాడు. మేత అక్కడుంది, నీళ్లు మాత్రం లేవు. మా బోరు దగ్గర అయిదు వందల లీటర్ల నల్ల ట్యాంకు నింపి, జీపులో రోజూ పైకి తీసుకుపోయేది నేను. ఆ జీపు మా నాయనది. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే జనాన్ని చాలా ఏళ్లు అందులోనే తిప్పాడు. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆయనే. కళ్లు మసకబారి బండి మానేసినప్పుడు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. మా ఆయనకు డ్రైవింగ్ రాదు. నేర్చుకోవాలని ఎన్నడూ అనుకోలేదు కూడా.

కొండదారి సగంలో ఒక బండరాయి అడ్డంగా ఉండేది, పడుకున్న బర్రె వీపులాగా. దాని మీది నుంచే పోవాలి, వేరే దారి లేదు. కుడివైపు కొండ, ఎడమవైపు వాలు. జీపు బరువు మోసే కమాన్ కట్టలు పాతబడి చదునైపోయి, బండి కిందికి దిగింది. ఆ రోజు వెనక ఇరుసు మధ్య ఉబ్బి ఉండే ఆయిలు గుండు ఆ రాయికి తగిలి చిట్లింది. ఆయిలంతా కారిపోయింది. ట్రాక్టరు కట్టి ఊళ్లోకి లాక్కొచ్చారు. అత్త ఆ మాట అన్నది అప్పుడే, ట్రాక్టరు చుట్టూ జనం ఉండగా.

మరుసటి రోజే జీపును మార్కాపురం చేర్పించాను. పలకల గోదాము పక్కన రేకుల షెడ్డులో పనిచేసే ముసలి మేస్త్రీ నాయనకు బాగా తెలిసినవాడు. గుండు మార్చే పని ఒప్పుకున్నాక, బండిని ఎత్తు చేయాలని చెప్పాను.

"రెండు దార్లు ఉండాయి పాపా," అన్నాడు. "వంపు ఎక్కువ పెట్టి కొత్త కట్టలు చేపిస్తే రెండు ఇంచీలు లేస్తాది. రెండోది ఏందంటే, ఇప్పుడు కట్టలు ఇరుసు కింద ఉండాయి. వాటిని తీసి ఇరుసు మీదికి ఎక్కిస్తే అయిదు ఇంచీలు లేస్తాది. ఉన్న కట్టలతోనే అయిపోతాది."

"అయితే అయిదే చెయ్యి మేస్త్రీ."

"మొత్తం ఇను. నీది ఎచ్చులకు తిరిగే బండి కాదు, నీళ్లు మోసే బండి. నెత్తిన బిందె పెట్టుకుని ఎత్తు చెప్పులేసుకున్నట్టు అయితాది."

"రెండు బిందెలు పెట్టుకుని ఈ కొండెక్కినదాన్నే నేను."

"నువ్వు ఎక్కినావు. బిందె ఒరిగితే నీ మెడ సర్దుకుంటాది. బండికి మెడ యాడుంది?"

ఆయన నవ్వలేదు. నేనే నవ్వేసి, ఫోనులో వీడియోలు చూపించాను. ఇంతింత ఎత్తు జీపులు బండల మీద మేకల్లా ఎగబాకుతున్నాయి. ఆయన రెండు నిమిషాలు చూసి ఫోను తిరిగి ఇచ్చాడు. "వీటి వెనక నీళ్ల ట్యాంకు ఏదీ?" అన్నాడు. నేను వినలేదు. అయిదు ఇంచీలు లేస్తే ఇక ఏ రాయీ తగలదు, ఎవరూ మాట అనరు. నా తలలో ఉన్నది అదొక్కటే.

మూడు రోజుల పని. ఆ మూడు రోజులూ మా ఆయన తెల్లవారుజామునే మందను కొండ దించి నీళ్లు తాపుకుని పోయాడు. ఇరుసు మీద కొత్తగా ఇనుప దిమ్మలు వెల్డింగ్ చేసి, వాటి మీద కట్టలు కూర్చోబెట్టాడు. చివర్లో ఒక చక్రాన్ని కిందికి వేలాడదీసి నన్ను వంగి చూడమన్నాడు. బ్రేకు పైపు తీగలా బిగుసుకుపోయి ఉంది. "ఇట్లనే పంపితే గుంటలో చక్రం దిగిన రోజున ఇది తెగుతాది," అని నాలుగు పైపులూ తీసేసి పొడుగువి వేశాడు. తనకు ఇష్టం లేని పనినీ అంత శ్రద్ధగా చేశాడు ఆ మనిషి.

తిరుగు ప్రయాణంలో బస్సు డ్రైవర్లతో సమానంగా కూర్చున్నట్టు అనిపించింది. కానీ మొదటి మలుపులోనే బండి పక్కకు ఒరిగి, ఒక క్షణం ఆగి, అప్పుడు లేచింది. స్టీరింగు కూడా వదులుగా ఉంది. ఇంటికి చేరాక మా ఆయన ఫోనులో "ఎట్లుంది బండి?" అని అడిగితే "బ్రహ్మాండంగా ఉంది" అన్నాను.

పది రోజులు అలాగే గడిచాయి. బండరాయి మీద చిన్న చప్పుడు కూడా లేకుండా దాటుతున్నాను. సంతకో, ఆసుపత్రికో పోయేటప్పుడు బండి ఎక్కడానికి అత్తకు పీట వేయాల్సి వచ్చేది. ఆమె పీట ఎక్కి, కమ్మీ పట్టుకుని, మూలుగుతూ ఎక్కి కూర్చున్నప్పుడల్లా నాకు లోలోపల సంతోషంగా ఉండేది. ఇప్పుడు రాయాలంటే సిగ్గేస్తోంది.

పదకొండో రోజు అత్త కూడా పైకి వస్తానంది. ఈనడానికి దగ్గరపడిన ఒక గొర్రెను చూడాలని. ఉదయం కరెంటు పోయి ట్యాంకు మూడింట రెండు వంతులే నిండింది. ఆ నీళ్లతోనే బయలుదేరాం. కొండ సగం ఎక్కేసరికి, బండరాయికి ఇవతల, కుడివైపు చరియ నుంచి దొర్లిపడిన రాయి ఒకటి దారిలో ఉంది. మోకాలెత్తు ఉంటుంది. ముందైతే దిగి, గడ్డపారతో పక్కకు దొర్లించేదాన్ని. ఆ రోజు దిగబుద్ధి కాలేదు. అత్త పక్కనే ఉంది. కుడి చక్రాన్ని దాని మీదికి ఎక్కించాను.

ముందు చక్రం ఎక్కింది. అదే సమయంలో ఎడమవైపు దారి అంచు మెత్తగా దిగబడింది. ట్యాంకులో నీళ్లన్నీ ఒక్కసారి ఎడమకు కొట్టిన చప్పుడు వినిపించింది. నా సీటు కింది నుంచి ఎవరో భుజం పెట్టి ఎత్తినట్టు లేచింది. బ్రేకు తొక్కాను. ఇంజను ఆగిపోయింది. తల బయటికి పెట్టి చూస్తే ముందు కుడి చక్రం రాయికి జానెడు పైన, గాలిలో వేలాడుతోంది.

అత్త ఎడమ సీట్లో ఉంది. అంటే వాలు వైపు. ఆమెకు తన పక్కన ఆకాశం కాదు, కింద తుమ్మచెట్ల తలలు కనిపిస్తున్నాయి. ఆమె అరవలేదు. బెదిరిన జీవాన్ని ఊరుకోబెట్టే గొంతుతో "హో... హో..." అంది. బండితో అందో, నాతో అందో తెలీదు.

"అత్తా, కదలాకు. అటు దిగితే బండి నీ మీదికే వస్తాది."

"మరి యాడికి పోవాల?"

"నా మీదుగా ఇటు రా. నిదానంగా."

హ్యాండ్ బ్రేకు లాగాను. అది పాతది, దాన్ని నమ్మలేను. కాలు బ్రేకు మీదే ఉంచాను. అత్తకు మోకాళ్ల నొప్పులు. గేరు రాడ్లు దాటి, ఒక మోకాలు నా తొడ మీద పెట్టి, నా మెడ చుట్టూ చెయ్యి వేసింది. పదిహేనేళ్ల కాపురంలో ఆమె నన్ను పట్టుకోవడం అదే మొదటిసారి. ఆమె ఒంటికి గొర్రె ఉన్ని వాసన, నశ్యం వాసన. ఆమె గుండె కొట్టుకోవడం నా చెంపకు తెలుస్తోంది. నా మీదుగా దాటి బయటి ఫుట్‌బోర్డు మీద నిలబడి, టాపు కమ్మీ పట్టుకుంది. ఆమె బరువుకు చక్రం బెత్తెడు కిందికి దిగింది.

"దిగేదా?"

"దిగాకు! నువ్వు దిగితే మళ్లా లేస్తాది."

ఆమెకు అర్థమైంది. కొండ వైపు వెనక్కి వాలి, బావి నుంచి చేద లాగే మనిషిలా ఒళ్లంతా బిగపట్టి నిలబడింది. అక్కడ ఫోనుకు సిగ్నల్ అందదు, అందుకని హారన్ నొక్కాను. ఆపకుండా నొక్కాను. పైనుంచి కుక్కల అరుపు తప్ప ఏమీ రాలేదు.

బండి నిలవాలంటే బరువు తగ్గాలి. ట్యాంకు కొళాయి వెనకవైపు ఉంది. నేను కదిలితే బ్రేకు వదిలినట్టే.

"అత్తా, కమ్మీలు పట్టుకుని ఎనక్కు పోగలవా? కొళాయి తిప్పాల."

"నీళ్లు ఇడిచేస్తే జీవాలు ఏం తాగుతాయే?"

"ముందు మనం బతకాల అత్తా."

ఆమె పాదం పక్కన పాదం జరుపుకుంటూ, బండి పక్క రేకును కడుపుకు ఆనించుకుని వెనక్కి పోయింది. ఆమె జరిగినప్పుడల్లా బండి కిర్రుమంటోంది. కొళాయి తిరిగిన చప్పుడు, ఆ తరువాత నీళ్లు రాళ్ల మీద పడుతున్న చప్పుడు వినిపించాయి. కాలిన రాళ్ల మీద తడి వాసన నా దాకా వచ్చింది. ఎంతసేపు కారాయో చెప్పలేను. బ్రేకు మీది కుడికాలు తిమ్మిరెక్కింది. కాలు జారుతుందేమోనని రెండు చేతులతో మోకాలిని కిందికి అదిమి పట్టుకున్నాను. హారన్ నొక్కడానికి చెయ్యి మిగల్లేదు.

అప్పుడు మా ఆయన కనిపించాడు. మా మీద చిరుత పడిందనుకుని కర్ర పట్టుకుని పరుగెత్తుతూ వస్తున్నాడు. వచ్చి తల్లి పక్కన ఫుట్‌బోర్డు ఎక్కి వెనక్కి వాలాడు. చక్రం రాయికి తగిలింది. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ అలాగే వేలాడారు. తరువాత ఆయన దిగి, ఎడమ చక్రాల కింద రాళ్లు పేర్చాడు. నేను ఇంజను స్టార్ట్ చేసి, రివర్స్ వేసి, అంగుళం అంగుళం వెనక్కి వచ్చాను. నాలుగు చక్రాలూ నేల మీద నిలిచాక ఇంజను ఆపాను. ఆయనే పట్టుకుని దించాడు.

"ఇంత రాయిని దిగి దొర్లించలేకపోయినావా?" అన్నాడు.

"దిగబుద్ధి కాలా. ఎక్కిపోవచ్చులే అనుకున్నా."

అత్త ఏమంటుందో అని తలెత్తలేదు. ఆమె చేతులు తోలు లేచి ఎర్రగా ఉన్నాయి. "దాన్ని తిట్టేది తర్వాత," అంది కొడుకుతో. "జీవాల్ని కిందికి తోలు. ఎండ ముదిరిపోతాంది."

నీళ్ల కోసం మందనంతా మిట్టమధ్యాహ్నం కొండ దించాం. రెండు గంటల నడక. ఊరి పొలిమేర దగ్గర ఆ చూలుగొర్రె ముందుకాళ్లు మడిచి పడిపోయింది. అత్త దాని తల ఒళ్లో పెట్టుకుని, చెంబుతో నీళ్లు నోట్లో పోసింది. మింగలేదు. కడుపులోని పిల్లతో సహా పోయింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

రెండో రోజు జీపును మెల్లగా మార్కాపురం తీసుకుపోయాను. అత్త తానూ వస్తానంది. మేస్త్రీ నా మాటలన్నీ విని, చేతిగుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు.

"నేను చెయ్యనని చెప్పుండాల. చెప్పి కూడా చేసినా," అన్నాడు.

"నేనే కదా మొండికేసింది."

"నువ్వు అడుగుతావు. నీకు తెలవదు. నాకు తెలుసు కదా."

అత్త స్టూలు మీద కూర్చుని, నేను ఆనాడు అడగాల్సినవన్నీ ఇప్పుడు అడిగింది. ఎంత బరువు మోయొచ్చు, పక్కకు ఎంత ఒరిగితే భయం లేదు, ట్యాంకు వెలితిగా ఉంటే ఏం చెయ్యాలి. "వెలితి ట్యాంకే ప్రాణం తీసేది అమ్మా," అన్నాడు ఆయన. "ఒక్క పెద్ద ట్యాంకు వద్దు. చిన్న క్యాన్లు నింపి, మూతలు బిగించి, కదలకుండా తాళ్లతో కట్టుకోండి. నీళ్లు అటూ ఇటూ పారవు." కట్టలను మళ్లీ ఇరుసు కిందికే దించి, కొత్తవి చేయించి, రెండు ఇంచీలే లేపాడు. బ్రేకు పైపులు మళ్లీ కొలిచి సరిచేశాడు.

రెండు ఇంచీలు ఆ బండరాయికి చాలవని అందరికీ తెలుసు. మా ఆయన సమ్మెట, గడ్డపార తీసుకుని రెండు పొద్దులు దాని నడుమ కొట్టాడు. నేనూ కొట్టాను. రాయి నెర్రె ఇచ్చి పెచ్చులుగా లేచింది. బర్రె వీపు పోయి, నడుమ సొట్ట పడింది. ఇప్పుడు ఖాళీ బండికి తగలదు, నీళ్లతో ఉంటే ఒక్కోసారి కాస్త గీసుకుంటుంది. ఆ చప్పుడు విన్నా నాకిప్పుడు రోషం రాదు.

మంద మళ్లీ కొండెక్కాక, క్యాన్లు కట్టుకుని మొదటిసారి పైకి పోయేటప్పుడు అత్త వచ్చి ఎడమ సీట్లోనే కూర్చుంది. దొర్లిపడిన రాయిని ముందే తీసేశాం, కానీ ఆ మెత్తని అంచు అలాగే ఉంది. దానికి ముందే బండి ఆపాను.

"ఈ కాస్తా నడిచి రా అత్తా. అవతల ఎక్కుదువు."

"నువ్వు దిగుతావా?"

"నేను దిగితే ఎవరు నడుపుతారు?"

"అట్లయితే నేనూ దిగను. పోనీ."

మొదటి గేరు వేశాను. ఆమె ఒక చేత్తో ముందున్న కమ్మీని పట్టుకుంది, రెండో చెయ్యి నా సీటు వెనక వేసింది. రెండు చక్రాలు అంచు మీది నుంచి పోతుంటే మేమిద్దరం ఊపిరి బిగపట్టుకున్నాం. దాటాక ఆమె, చింతపండు ఇంట్లోనే మరిచిపోయానని, పైన ఉన్న కొడుకు ఈ పూట మజ్జిగతోనే తినాలని అంది. నేను రెండో గేరు వేశాను.