ఎస్తేరు మేడం ఆదివారాలు

మొన్న జగిత్యాల గ్రంథాలయంలో పిల్లలకు కథలు చెప్పమని నన్ను పిలిచారు. నేను వెళ్లేసరికి హాల్లో కుర్చీలన్నీ గోడ వారకు జరిపి, ఇద్దరు చెరో కొసా పట్టుకుని జంఖానా దులుపుతున్నారు. ఎన్నాళ్లు మడతలో ఉందో ఏమో, దుమ్ము లేచి కిటికీలోంచి పడుతున్న ఎండలో తేలింది. పాత నూలు వాసన, పాత అట్టల వాసన కలిసి ముక్కుకు తగిలాయి. తుమ్ము వచ్చింది, వెనకే కళ్లలో నీళ్లు వచ్చాయి. "దుమ్ము పడదా మేడం?" అని అడిగింది అటెండరమ్మ. అవునన్నాను. అసలు సంగతి చెప్పాలంటే కోరుట్లలో ఒక శాఖా గ్రంథాలయం గురించి, అందులో పనిచేసిన ఎస్తేరు మేడం గురించి మొదలుపెట్టాలి. అంతా వినడానికి అటెండరమ్మకు తీరిక లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను ఆరో తరగతిలో ఉండగా మా బాపు తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది కానీ నడుము మళ్లీ నిలబడలేదు. కల్లు గీత పని ఆగిపోయింది. అమ్మ పొద్దంతా బీడీలు చేసేది, నేను పక్కన కూర్చుని ఆకు కత్తిరించేదాన్ని. బడికి వారంలో రెండు మూడు రోజులు పోతే ఎక్కువ. అక్షరాలు విడివిడిగా తెలుసు, కలిపితే మాత్రం చేపపిల్లల్లా జారిపోయేవి. వెనక బెంచీలో కూర్చుంటే ఎవరూ అడిగేవారు కాదు. నాకు చదవడం రాదన్న సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదని నా ధీమా.

ఒక ఆదివారం కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి అమ్మా నేనూ తిరిగి వస్తుంటే, గ్రంథాలయం లోపలి నుంచి కుక్క మొరిగిన చప్పుడు, దాని వెంటే పిల్లల నవ్వులు వినిపించాయి. తలుపు దగ్గర నిలబడి చూశాను. జంఖానా మీద ఇరవై మంది పిల్లలు. వాళ్ల మధ్యలో పొడుగ్గా, నల్లగా, నలభై ఏళ్లు దాటిన ఒక ఆడమనిషి, కొంగు నడుముకు దోపుకుని, నాలుగు కాళ్ల మీద వంగి మొరుగుతోంది. ఆవిడే ఆ గ్రంథాలయానికి అధికారి, ఎస్తేరు మేడం అని తరువాత తెలిసింది. ఆవిడ నన్ను చూసి, మొరగడం ఆపకుండానే చేత్తో లోపలికి రమ్మని సైగ చేశారు. అమ్మ వైపు చూశాను. "ఒక్క గడియ. మళ్ల ఇంటికాడ పని ఉన్నది" అంది అమ్మ. ఆ గడియ ఆరేళ్లు సాగింది.

మేడం కథను ఎప్పుడూ నడుమ ఆపేవారు. "మిగిలింది బుక్కుల ఉన్నది. ఎవలు సదువుతరు?" అనేవారు. చేతులు లేచేవి. నేను తల దించుకునేదాన్ని. రెండు నెలలు అలా తప్పించుకున్నాక, ఒకరోజు పుస్తకం నేరుగా నా ఒళ్లో పెట్టారు. అందులో బొమ్మ గుర్తుంది: ఒక ఎలుగుబంటి చెట్టెక్కి తేనెపట్టు అందుకోబోతోంది. కింద రెండు వరుసల అక్షరాలు. వేలు అక్షరాల కింద పెట్టి, కళ్లు బొమ్మ మీద పెట్టి మొదలుపెట్టాను.

"గుడ్డెలుగు తాటిచెట్టెక్కింది. మోకు లేకుంటనే ఎక్కింది. ఎక్కినంక దిగరాలే…"

మోకు అంటే గీత పనివాళ్లు చెట్టుకూ నడుముకూ కలిపి చుట్టుకునే తాడు. "మేడం, బుక్కుల గట్ల లేదు!" అని పక్కనున్న పిల్ల అరిచింది. మేడం వేలు పెదవుల మీద పెట్టుకుని ఆ పిల్లను ఊరుకోబెట్టి, నా వైపు తిరిగారు.

"అయితే ఏమైంది? పడ్డదా?"

"పడలే" అన్నాను గట్టిగా. "దాని పిల్ల ఉరికి ఇంటికాడికెళ్లి మోకు తెచ్చింది. కాకి దాన్ని నోట్ల పట్టుకొని పైకి తీస్కపోయింది. ఎలుగు నడుముకు కట్టుకొని మెల్లగ దిగింది. దిగి, బువ్వ తిన్నది."

అందరూ వెళ్లిపోయాక నన్ను ఉండమన్నారు. ఎదురుగా నేల మీద కూర్చుని, "సదువరాదు గదా నీకు?" అని మెల్లగా అడిగారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఏడ్వకు బిడ్డా. సదువుడు నేర్పితే అస్తది. గసొంటి కథ నేర్పితే రాదు" అన్నారు. ఒక వైపు ఖాళీగా ఉన్న పాత కాగితాలు తెచ్చి, పెన్సిలు తీసి, "మళ్ల చెప్పు, మెల్లగ" అన్నారు. నేను చెబుతుంటే రాసుకుంటూ పోయారు. నడుమ ఒకచోట నాకు తెలివి పుట్టి, పుస్తకాల్లో ఉన్నట్టు "ఎక్కెను" అన్నాను. పెన్సిలు ఆగిపోయింది. "మొదలు ఎట్లన్నవో అట్లనే చెప్పు. నీ మాటే రాస్త" అన్నారు.

నేను జీవితంలో మొదట చదివింది ఆ నాలుగు కాగితాలే. ముందు ఏ మాట వస్తుందో నాకు తెలుసు, ఎందుకంటే అది నేనన్న మాటే. అందుకే ఆ అక్షరాలు ఎటూ జారిపోలేకపోయాయి. వానాకాలం గడిచేసరికి వేరేవాళ్ల మాటలు కూడా చదవగలిగాను. బాపు సంగతి మేడానికి తెలిసింది ఆ తరువాతే. మరుసటి ఆదివారం మా ఇంటికి వచ్చి, బాపు మంచం పక్కన కూర్చుని, ఆ కాగితాలు ఆయనకు చదివి వినిపించమన్నారు. చదివాను. బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అటు తిరిగే, "మోకు గురించి మంచిగ చెప్పినవు బిడ్డా" అన్నాడు.

ఏడో తరగతిలో జగిత్యాలలో పిల్లల కథల సభ జరిగింది. పట్నం నుంచి ఒక పెద్ద బాలసాహిత్య రచయిత వస్తున్నారని చెప్పి, మేడం మమ్మల్ని ఏడుగురిని బస్సులో తీసుకుపోయారు. వేదిక మీద నా వంతు వచ్చింది. మైకు నా నోటికి అందక పీట వేశారు. ఎలుగు కథ మొదలుపెట్టి, కాకి మోకు పట్టుకుని ఎగిరే చోటికి వచ్చాను. పక్క కుర్చీలో ఉన్న రచయిత ముందుకు వంగి, ఎంతో మెత్తగా అన్నారు:

"కథ చాలా బాగుందమ్మా. కానీ 'తీస్కపోయింది' కాదు, 'తీసుకువెళ్లింది' అనాలి. మంచి భాషలో చెప్పు."

"తీసుకు…" అన్నాను. మిగతాది రాలేదు. దాని వెనక వరసలో ఉన్న మాటలన్నీ కూడా ఆగిపోయాయి. హాల్లో ఎవరో నవ్వారు. పీట దిగి, మెట్లు దిగి, తలుపు వైపు నడిచాను. చివరి వరసలోంచి ఎస్తేరు మేడం లేచి ఎదురొచ్చారు. నన్ను దాటి ముందుకు చూస్తూ, హాలంతా వినపడేలా, "సార్, కథ ఇంక నడుమనే ఉన్నది. అయినంక చెప్పుండ్రి, ఏమన్న ఉంటె" అన్నారు. తరువాత నా భుజం పట్టుకుని, నాకొక్కదానికే వినపడేలా:

"ఎలుగును చెట్టు మీదనే ఇడిసిపెట్టి నువ్వు దిగినవేంది? పో. దాన్ని దింపు."

వెళ్లాను. దింపాను. కాకి మోకును తీస్కనే పోయింది. అన్నాల దగ్గర ఆ రచయితే నా దగ్గరకు వచ్చి, "మోకు ఎలా కడతారో నాకు చూపిస్తావా?" అని అడిగారు. ఆయన చెడ్డవారు కాదు. తువ్వాలుతో కట్టి చూపిస్తే శ్రద్ధగా చూశారు. తిరుగు బస్సులో మేడాన్ని అడిగాను, "మీకు భయం కాలేదా?" అని. "అయింది. కాళ్లు గజగజ వణికినై. చీర కట్టుకున్న గదా, ఎవ్వలకు కనవడలే" అన్నారు.

నేను తొమ్మిదికి వచ్చేసరికి గ్రంథాలయం నిండా ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు. మా గోల వాళ్లకు అడ్డమైంది. ఒకాయన వచ్చి, "మేడం, ఇంట్ల కూసుండి సదువుకునే జాగ లేదు మాకు. ఈడ గూడ గిట్లయితే మేమెటు పోవాలె?" అన్నాడు. ఆ గొంతులో కోపం కన్నా బతిమాలుడే ఎక్కువ ఉంది. ఫిర్యాదు పైకి పోయి, చదువుకునే హాల్లో పిల్లల కార్యక్రమాలు పెట్టవద్దని కాగితం వచ్చింది. మేం మేడం పోట్లాడతారనుకున్నాం. ఆమె ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, "ఆళ్లన్నది అబద్ధం కాదు. హాల్ల చెప్పొద్దన్నరు. కథలే చెప్పొద్దని ఎక్కడ రాసున్నది?" అన్నారు. వెనకాల సైకిళ్ల షెడ్డు ఉండేది. మరుసటి ఆదివారం జంఖానా అక్కడ పరిచారు.

రేకుల కింద ఎండాకాలం నిప్పుల మీద కూర్చున్నట్టుండేది. పిల్లలు తగ్గారు. ఒక ఆదివారం పెద్ద వాన. నేనొక్కదాన్నే తడుస్తూ వెళ్లాను. "ఒక్కదాన్నే గదా మేడం, ఇయ్యాల వద్దులే" అన్నాను. నిజానికి నాకు పద్నాలుగేళ్లు వచ్చి, ఆ మొరుగుడు కథలంటే కొంచెం సిగ్గు కూడా మొదలైంది. మేడం కొంగు దోపుకుంటూ, "ఒక్కదానివే అచ్చినవని కథ సగమే చెప్పాల్నా?" అన్నారు. రేకుల మీద వాన చప్పుడును మించిన గొంతుతో గంటసేపు చెప్పారు. ఒక్క మొరుగుడూ తగ్గించలేదు.

నేను ఇంటర్లో ఉండగా ఆమెకు సిరిసిల్ల బదిలీ అయింది. నేను టీచర్ ట్రైనింగ్ చేసి, సారంగాపూర్ దగ్గర బడిలో చేరాను. పిల్లల కోసం కథలు రాయడం మొదలుపెట్టాను. ఒక ప్రచురణకర్తకు పంపితే, కథలు నచ్చాయి కానీ ఈ మాటలు వేరే ప్రాంతాల పిల్లలకు అర్థం కావు, మార్చి పంపమన్నారు. ఎండాకాలం సెలవుల్లో కూర్చుని ఒక్క మాట మిగల్చకుండా మార్చేశాను. ఆ రాతప్రతి పట్టుకుని మేడానికి చూపించాలని సిరిసిల్ల పోయాను. అక్కడి పిల్లలకు ఇళ్లలో సాంచల మోత, అంటే బట్ట నేసే మరమగ్గాల మోత, పుట్టినప్పటి నుంచీ అలవాటు. అందుకే మామూలు మాట కూడా అరిచినట్టే మాట్లాడతారు. వాళ్ల మధ్య కూర్చుని మేడం రెండు పేజీలు చదివి, అద్దాలు తీసేశారు.

"గిది ఎవలు రాసిండ్రు?"

"నేనే మేడం."

"నువ్వు కాదు. ఎవలో భయపడ్డోళ్లు రాసిండ్రు."

నాకు ఒళ్లు మండింది. "మీకేంది మేడం, నోటితోని చెప్తరు, అయిపోతది. గట్లనే రాస్తే ఎవ్వలు అచ్చేయరు. నాకు పుస్తకం కావాలె" అన్నాను. ఆమెతో అలా మాట్లాడడం అదే మొదలు, అదే చివర. ఆమె మొహం చిన్నబోయింది. "అచ్చు సంగతి నాకు తెల్వది బిడ్డా. నిజమే. నీకేది కావాల్నో నువ్వే చూసుకో" అని కాగితాలు వరస సరిచేసి నా చేతికిచ్చారు. బస్సు వేములవాడ దాటేదాకా కోపంగానే ఉన్నాను. ఆ తరువాత సంచీలోంచి కాగితాలు తీసి నేనే చదువుకున్నాను. మొదటి కథ పూర్తి కాకముందే విసుగొచ్చి మూసేశాను. ఇంటికి చేరాక పాత ప్రతిని బయటికి తీశాను. ముగ్గురు ప్రచురణకర్తలు కాదన్నారు. నాలుగో చోట ఒక చిన్న సంస్థ, మాటలు మార్చనక్కర లేదు, తెలియనివి బొమ్మల్లో చూపిద్దాం అంది. పుస్తకం చేతికి వచ్చాక సిరిసిల్ల పంపాను. మేడం ఫోన్ చేసి, పుస్తకం గురించి ఒక్క ముక్కా అనకుండా, "సారంగాపూర్ల ఆదివారం ఎన్నింటికి పెడుతున్నవ్?" అని అడిగారు. అప్పటికి నేను ఏమీ పెట్టడం లేదు. "నాలుగింటికి" అని అబద్ధం చెప్పి, ఆ వారమే మొదలుపెట్టాను.

ఉద్యోగం అయిపోయాక మేడం సొంతూరు కోనరావుపేట వెళ్లిపోయారు. పోయిన వానాకాలంలో ఒక శనివారం ఆమె చనిపోయారు. ఆదివారం పొద్దున సమాధి చేశారు. ప్రార్థన అయ్యాక అందరితో పాటు ఇంటికొచ్చి, గోడకు ఆనుకుని కూర్చున్నాను. లేచే ఓపిక లేదు. పదకొండు దాటాక ఆమెను 'అవ్వ' అని పిలిచే కూతురు కరుణ నీళ్ల గ్లాసుతో వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, ఇయ్యాల ఆదివారం గదా. నీ పిల్లలు అస్తరు గదా?"

"ఇయ్యాల పోను కరుణా."

"మా అవ్వ ఉంటె నిన్ను ఈడ కూసోనిస్తుండెనా? పో అక్కా."

మూడు బస్సులు మారాను. బడికి చేరేసరికి నాలుగున్నర. వరండాలో పదకొండు మంది కూర్చుని ఉన్నారు. నిలబడి కథ మొదలుపెట్టాను. నాలుగు మాటలు అయ్యాయో లేదో ఏడుపు వచ్చి ఆగిపోయాను. మళ్లీ మొదలుపెట్టబోయాను, కాలేదు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో నాలుగో తరగతి పిల్ల ఒకతి కాళ్లు సర్దుకుని కూర్చుంటూ అంది:

"టీచర్, ఏడ్సినంకనే చెప్పుండ్రి. మేం కూసుంటం."

కూర్చున్నారు. ఒక్కరు కూడా లేవలేదు. ఏడ్చాను. కళ్లు తుడుచుకుని కథ చివరిదాకా చెప్పాను. ఆ తరువాత ఇప్పటిదాకా ఏ ఆదివారమూ మానలేదు.