రెండోసారి అడగని ఇల్లు

మా అమ్మ నాకు బోలెడన్ని సలహాలిచ్చింది. వాటిలో నేను తు.చ. తప్పకుండా పాటించింది ఒకే ఒక్కటి. అదే నన్ను ఆకలితో మాడ్చింది, ఒక ఇంటికి దూరం చేసింది.

అప్పుడు నాకు పదహారేళ్ళు. మేం ఒంగోలు నుంచి సిడ్నీ వచ్చి ఎనిమిదేళ్ళయింది, పెండిల్ హిల్‌లో ఉండేవాళ్ళం. స్కూల్లో జపనీస్ క్లాసు నిండిపోయిందని నన్ను స్పానిష్‌లో పడేశారు. రెండేళ్ళు చదివాక మా టీచరు ఒక కాగితం చేతికిచ్చింది. ఆర్నెల్లు చిలీ దేశంలో ఎవరింట్లోనో ఉంటూ అక్కడి స్కూలుకి వెళ్ళొచ్చట. నాన్న వెంటనే ఒప్పుకున్నాడు. అమ్మ నెల రోజులు ఏడ్చి ఒప్పుకుంది. ప్రయాణానికి ముందు ఆదివారం హెలెన్స్‌బర్గ్ గుడికి తీసుకెళ్ళి నా పేరున అర్చన చేయించింది. తిరిగొచ్చేటప్పుడు కార్లో అందుకుంది.

"పరాయివాళ్ళిల్లు. పెట్టగానే ఊఁ అని ప్లేటు చాపమాక. ముందు చాలు అను. వాళ్ళే మళ్ళీ అడుగుతారుగా, అప్పుడు కాస్త పెట్టించుకో. లేకపోతే ఆకలిమొహంది వచ్చి పడిందనుకుంటారు."

"ఐ నో, అమ్మా!" అన్నాను విసుగ్గా.

తెలియకేం? మా తెలుగువాళ్ళందరూ ఏదో ఒక హాల్లో కలిసి తినే రోజున ఆంటీలు గరిటె పట్టుకుని వెంటపడటం చూస్తూనేగా పెరిగాను. "వద్దాంటీ" అంటే, "ఏంటే ఆ పిచ్చుక తిండి!" అని ఇంకో రెండు గారెలు పడేస్తారు. ప్లేటు మీద చెయ్యి అడ్డం పెడతాం గానీ వేళ్ళు వెడల్పుగానే ఉంచుతాం. మొదటిసారి వద్దనడం మర్యాద. రెండోసారి అడగడం వాళ్ళ మర్యాద. లోకమంతా ఇలాగే తింటుందనుకున్నాను.

జులైలో, అక్కడ నడిచలికాలంలో, చిలీలో దిగాను. శాంటియాగో నుంచి బస్సులో పన్నెండు గంటలు దక్షిణానికి వెళ్తే వచ్చే చిన్న ఊరు. అక్కడ వాన మొదలైతే ఆగదు. నాకు ఇల్లిచ్చినావిడకి అరవై దాటాయి. భర్త పోయి మూడేళ్ళయింది, పిల్లల్లేరు. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని స్కూలు యూనిఫాంలు కుట్టేది. ఆ ఊళ్ళో పిల్లలందరూ పెద్దవాళ్ళని 'తీయా' అని పిలుస్తారు. అంటే అత్తో పిన్నో, మనం ప్రతివాళ్ళనీ ఆంటీ అన్నట్టే. నేనూ తీయా అనే పిలిచాను. ఆ పిలుపు వినగానే, ఇంకేం, మనవాళ్ళే అనుకున్నాను.

మొదటి సాయంత్రం వంటింట్లో కట్టెల పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. అక్కడివాళ్ళు మధ్యాహ్నం గట్టిగా తింటారు, సాయంత్రం టీతో ఏదో కాస్త తిని పడుకుంటారు. వానపడితే మాత్రం సోపాయ్‌పియాలు వేస్తారు. గుమ్మడికాయ గుజ్జు కలిపిన పిండితో చేసే మందపాటి పూరీలనుకోండి. బుట్ట నిండా వేసి, గుడ్డ కప్పి నా ముందు పెట్టింది. ఒకటి తిన్నాను. అబ్బ, ఆ రుచి! ఒకటిన్నర రోజు ప్రయాణం చేసొచ్చినదాన్ని, ఆ బుట్ట మొత్తం లాగించెయ్యగలను.

"ఇంకొకటి?" అంది.

"వద్దు, థాంక్స్," అన్నాను, ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టి. వేళ్ళు వెడల్పుగానే ఉంచాను.

ఆవిడ తలూపింది. బుట్ట మీద మళ్ళీ గుడ్డ కప్పింది. లేచి తీసుకెళ్ళి అలమరలో పెట్టేసింది.

నేను ఆ అలమర తలుపుకేసి చూస్తూ ఉండిపోయాను. అంతేనా? ఇంకోసారి అడగదా? మర్నాడు బ్రెడ్డు. ఇంకొకటి? వద్దు. బ్రెడ్డు వెళ్ళిపోయింది. ఆ మర్నాడు కోడిమాంసం, మొక్కజొన్న వేసిన పులుసు. ఇంకొంచెం? చాలు. గిన్నె వెళ్ళిపోయింది. నాలుగో రోజుకి నా కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. సిడ్నీలో హారిస్ పార్క్ ఇండియన్ కొట్లో అమ్మ కొనిచ్చిన బిస్కెట్లు గదిలో తలుపేసుకుని తినేదాన్ని, చప్పుడు కాకుండా నోట్లోనే నానబెట్టి.

సిగ్గు విడిచి ఊఁ అంటే పోయేదిగా అంటారు మీరు. నిజమే. కానీ నాకు ముక్కుమీద కోపం, పైపెచ్చు బెట్టు. మొదటి వారం పిసినారి అనుకున్నాను ఆవిణ్ణి. రెండో వారం నేనంటే ఇష్టం లేదనుకున్నాను. ఇష్టంలేని మనిషి ముందు చెయ్యి చాపడమా? చచ్చినా చాపను.

తిండి ఒక్కటే అయితే బాగుండేది. "చలేస్తోందా?" అని వేడినీళ్ళ సంచీ తెచ్చేది. లేదనేదాన్ని. వెనక్కి తీసుకెళ్ళేది. "మా చెల్లెలింటికి వెళ్తున్నా, వస్తావా?" అనేది ఆదివారం పొద్దున్నే. "పర్లేదు, మీరు వెళ్ళిరండి," అనేదాన్ని, జడకి రబ్బరు బ్యాండు కూడా పెట్టుకుని తయారై కూర్చుని. అదేం కుదరదు, లే, అంటుందని చూసేదాన్ని. ఆవిడ గొడుగు తీసుకుని ఒక్కతే వెళ్ళేది. గేటు చప్పుడు విన్నాక జడ విప్పేసేదాన్ని. ఇక సాయంత్రం దాకా ఆ ఇంట్లో నేనూ, రేకుల మీద వానా. బట్ట కప్పిన కుట్టుమిషను ఎదురుగా కూర్చుని, నేనిక్కడ ఎవరికీ అక్కర్లేదు అని ఎన్నిసార్లు ఏడ్చానో. స్కూల్లో నాతో మాట్లాడేవాళ్ళున్నారు గానీ, నా స్పానిష్ కోసం ఆగే ఓపిక ఎవరికీ లేదు.

అమ్మ ఫోన్ చేసేది. "తిన్నావా?"

"తిన్నా."

"మొహమాటపడకుండా పెట్టించుకుంటున్నావా?"

"ఊఁ."

ఇంకేం చెప్పను? చెబితే నాన్న మర్నాడే టిక్కెట్ కొనేసేవాడు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున స్కూలుకి వెళ్తూ కోటు జేబులో చెయ్యి పెట్టాను. మెత్తగా, వెచ్చగా ఉంది. చూస్తే రెండు జేబుల లోపలా ఫ్లానెల్ గుడ్డ కుట్టి ఉంది, ఇంత చిన్న కుట్లు, చేత్తో. చేతులు రుద్దుకుంటూ రావడం ఆవిడ చూసినట్టుంది. ఈ ఒక్కటీ నన్ను అడగలేదు. అడిగుంటే వద్దనేదాన్నే. ఆ రోజు క్లాసులో కూడా జేబుల్లోంచి చేతులు తియ్యలేదు నేను. ఆ ఇల్లు నాకు కావాలి, ఆవిడకి నేను కావాలనిపించాలి, ఇంకేం వద్దు అనుకున్నాను.

అనుకున్నాను గానీ నోరు విప్పలేదు.

సెప్టెంబర్‌లో ఒకరోజు, అక్కడి స్కూల్లో మా ఆర్నెల్ల ప్రోగ్రాం వ్యవహారాలు చూసే టీచరమ్మ ఇంటికొచ్చింది. ముగ్గురం వంటింట్లో కూర్చున్నాం. "నువ్విక్కడ సంతోషంగా లేవేమోనని తీయా బాధపడుతోంది. ఏం పెట్టినా తినవట, ఎక్కడికి పిలిచినా రావట. ఊళ్ళో ఇంకో ఇల్లుంది, పిల్లలున్న ఇల్లు. వెళ్తావా, ఇక్కడే ఉంటావా?" అని అడిగింది.

నాకు తల కొట్టేసినట్టయింది. నన్ను వదిలించుకుంటున్నారన్నదే వినపడింది గానీ, ఆవిడ బాధపడుతోందన్న మాట చెవికెక్కలేదు. ఉంటాను అన్న మాట గొంతుదాకా వచ్చింది. కానీ పొమ్మంటుంటే ఉంటానని ఎవరైనా అంటారా? ఆవిడ ఉండమంటే కదా! తీయా వైపు తిరిగి, "మీ ఇష్టం," అన్నాను.

మా ఇంట్లో ఎవరైనా ఆ మాటంటే, బుంగమూతి చూసి అమ్మ ఏమనేదో నాకు తెలుసు. "నా ఇష్టమేంటే, నోర్మూసుకుని ఉండు ఇక్కడే," అనేది. తీయా తన చేతుల వంక చూసుకుంది. వేలికి అంటుకున్న దారం ముక్క తీసి బల్లమీద పెట్టింది. "సరే," అంది.

శనివారం నా పెట్టె తనే గుమ్మం దాకా మోసింది. "ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రా. ఈ ఇల్లు నీదే," అంది. అలాగే అన్నాను.

ఎప్పుడైనా రండి అంటే మనవాళ్ళెవరైనా వెళ్తారా? అది వీడ్కోలు మాట. నిజంగా రమ్మనేవాళ్ళు, ఆదివారం భోజనానికి రండి అని రోజు పేరు పెట్టి పిలుస్తారు, మళ్ళీ శనివారం ఫోన్ చేసి గుర్తు చేస్తారు. నేను ఆ ఫోన్ కోసం చూశాను. కొత్త ఇంట్లో ముగ్గురు పిల్లలు, టీవీ, గోల. మంచివాళ్ళే. బల్ల మధ్యలో పెద్ద గిన్నె పెట్టేవాళ్ళు, ఎవరికి కావలసింది వాళ్ళు తోడుకోవడమే, అడిగేది లేదు, వద్దనేది లేదు. కడుపు నిండేది. అయినా వాన పడిన ఆదివారమల్లా నాకు ఆ పొయ్యే గుర్తొచ్చేది. రెండుసార్లు ఆ వీధి మలుపుదాకా వెళ్ళాను. కుట్టుమిషను చప్పుడు వినపడింది. పిలవని ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? వెనక్కి వచ్చేశాను.

డిసెంబర్‌లో తిరుగు ప్రయాణం. కొత్త ఇంటివాళ్ళు బస్టాండులో దింపి, నన్ను కౌగిలించుకుని వెళ్ళారు. బస్సుకి ఇంకా అరగంట ఉంది. ఆ చివర్నుంచి తీయా వస్తోంది, చేతిలో ఆ బుట్ట. అంత దూరం నడిచి వచ్చి నా పక్కన బెంచీ మీద కూలబడింది. ఆ రోజు వాన కూడా లేదు.

"వానపడిన ప్రతి ఆదివారం చేశాను. నువ్వు రాలేదు," అంది.

"మీరు పిలవలేదుగా!" అన్నాను. పదహారేళ్ళ పొగరు.

"రమ్మన్నానుగా. ఎప్పుడైనా రమ్మన్నానుగా!"

"ఒక్కసారేగా అన్నారు!"

ఆవిడకి అర్థం కాలేదు. నాకొచ్చిన స్పానిష్‌లో తడుముకుంటూ చెప్పాను, మా ఇళ్ళలో మొదటిసారి వద్దంటామని, మళ్ళీ అడుగుతారని, అడిగేదాకా చూస్తామని. ఆవిడ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. నన్ను పంపినప్పుడు ప్రోగ్రాం వాళ్ళు ఆవిడకో కాగితం ఇచ్చారట. నేను చూశాను దాన్ని, ఫ్రిజ్‌కి అంటించి ఉండేది, చదివిన పాపాన పోలేదు. పిల్ల వద్దంటే బలవంతపెట్టకండి, వేరే దేశం, వేరే అలవాట్లు, ఆ మాటని గౌరవించండి అని అందులో ఉందట.

"నాకు పిల్లలు లేరు, తెలీదు. ఆ కాగితం రాసినవాళ్ళకి తెలుసనుకున్నా," అంది. "మొదటి రోజు నువ్వు వద్దన్నాక, బుట్ట లోపల పెట్టి ఎంతసేపు నిలబడ్డానో! నాకు బలవంతంగా పెట్టాలని ఉండేది."

తర్వాత గుడ్డ తీసింది. ఒకటి తిన్నాను. "ఇంకొకటి?" అంది భయం భయంగా. ఊఁ అన్నాను. ఇంకొకటి? ఊఁ. బస్సు వచ్చేసరికి ఐదు తిన్నాను. ఆర్నెల్లలో మేమిద్దరం కలిసున్నది ఆ అరగంటే. బస్సు కదిలాక కిటికీకి తల ఆనించి శాంటియాగో దాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఇప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. ఇంకా పెండిల్ హిల్‌లోనే, అమ్మానాన్నలతోనే ఉంటాను. తీయాతో వీడియోలో మాట్లాడుతుంటాను. నాకు ఆదివారం పొద్దున, ఆవిడకి శనివారం సాయంత్రం. చెల్లెలు పోయాక ఆవిడకి ఆదివారాలు వెళ్ళే చోటు లేదు. మిషను అమ్మేసింది, కళ్ళు కనపడటం లేదని. మొన్న ఒక ఆదివారం అడిగాను, టిక్కెట్ కొంటాను, సిడ్నీ రండి, ఓ నెల ఉండి వెళ్దురు గాని అని. ఆవిడ నవ్వింది. వద్దులే అమ్మా, ముసలిదాన్ని, మోకాళ్ళ నొప్పులు, నీకెందుకు శ్రమ అంది. సరేనన్నాను. వాళ్ళ దేశంలో వద్దంటే వద్దే కదా, అంత ఏడ్చి నేర్చుకున్న పాఠం. ఫోన్ పెట్టేశాను.

అమ్మ పొయ్యి దగ్గర పెసరట్టు వేస్తోంది. స్పానిష్ ఒక్క ముక్క రాదు ఆవిడకి. "ఏవంది?" అంది.

"రానంది."

"ఎన్నిసార్లడిగావు?"

"ఒకసారి."

అమ్మ అట్లకాడ పక్కన పెట్టింది. స్టవ్ ఆపింది. "సిగ్గులేదూ?" అంది. "చెయ్యి మళ్ళీ."

చేశాను. ఇంకా అక్కడే కూర్చుని ఉన్నట్టుంది, మొదటి రింగుకే ఎత్తింది. "మీరు రావాలి తీయా," అన్నాను. ఎలా కుదురుతుంది అంది. "కుదరాలి. మా అమ్మ ఒప్పుకోవడం లేదు," అన్నాను. అమ్మ నా భుజం మీదుగా ఫోన్‌లోకి తొంగిచూసి, తెలుగులోనే, "రావాలి వదినా, రాకపోతే ఊరుకోను," అంది.

తీయా చేత్తో కళ్ళు తుడుచుకుంది.

"అక్కడ వాన పడుతుందా?" అని అడిగింది.