కాణిపాకంలో ఇచ్చిన మాట, గుడ్డులో తెల్లసొన

ఆదివారం పొట్టేలు కూర లేకుంటే మా ఆయన మొఖం మాడ్చుకునేవాడు. చిత్తూరు మామిడి మండీలో కాయలు ఏరే పని ఆయనది. పొద్దస్తమానం నిలబడి వచ్చిన మనిషికి రాగిసంగటి, తలకాయ పులుసు, పక్కన పులికాట్ ఎండుచేపలు వేయించి పెడితే చాలు, నేనెంత తిట్టినా నవ్వుతా తినేవాడు.

ఒక ఎండాకాలం మండీలోనే కండ్లు తిరిగి కాయల కుప్ప మీద పడినాడు. తిరుపతిలో ఆసుపత్రికి తీసుకపోయినాం. బీపీ చూసి డాక్టరమ్మ హడలిపోయింది. మాత్రలు రాసిచ్చి, తిండి సంగతి ఓపిగ్గా చెప్పింది. మాంసంలో ఉండేదీ పప్పులో ఉండేదీ రెండూ ప్రొటీనేనంట. అవి అరిగితే వచ్చే అమైనో ఆమ్లాలు మాత్రం ఒకే పాళ్లలో ఉండవంట. పప్పు, ఉలవలు, చెనిక్కాయల్లోవి రక్తనాళాలు బిగుసుకోకుండా కొంచెం సాయం చేయొచ్చంట. "చేయొచ్చు అంటున్నా, చేస్తాయని కాదు. మాత్ర ఒక్క పూట కూడా మానొద్దు" అని మళ్లీ మళ్లీ చెప్పింది. నాకు అంతా చెవికెక్కింది. ఆయనకు మొదటి సగమే ఎక్కింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "మే, నా నోటి సంగతి నాకు తెలుసు. దీన్ని కట్టాలంటే కాణిపాకం సామి ఒక్కడే" అన్నాడు. మా పక్క తాగుడు మానాలన్నా, ఎవరిది నిజమో తేలాలన్నా ఆడికే పోతారు. ఆ సామి ముందర ప్రమాణం చేసి తప్పాలంటే ఎంత మొండోడికైనా గుండె జారిపోతాది. మా ఆయన తలారా తానం చేసి, తడిగుడ్డలతో నిలబడి, "ఈ జన్మకు మాంసం, చేప, గుడ్డు ముట్టను" అన్నాడు. సంతోషంతో నాకు కండ్లనీళ్లు తిరిగినాయి.

నిజం చెప్పాల, ముట్టలేదు. మా తమ్ముడి పెండ్లిలో అందరూ బిర్యానీ లాగిస్తా ఉంటే ఒక మూల కూర్చుని పెరుగన్నం తిని వచ్చినాడు. ఇంట్లో ఉలవచారు, పప్పు, గుప్పెడు చెనిక్కాయలు. ఒళ్లు తేలికైందని మురిసిపోయేవాడు.

కొన్నాళ్లకు బీరువా సర్దుతా ఉంటే మాత్రల అట్టలు కనపడినాయి, ఒక్కటీ చింపలేదు.

"ఏమయ్యా ఇది?" అంటే, "సామికి మాటిచ్చినాక మళ్లీ మాత్ర మింగితే ఆయన్ని నమ్మనట్లే గదా మే" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పప్పు పని పప్పుది, మాత్ర పని మాత్రది అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వినలా. తలనొప్పి లేదు, ఏమీ లేదు, ఇంకెందుకు మాత్ర అంటాడు. ఏండ్లు గడిచేకొద్దీ ఆ పాడు బీపీ నొప్పి తెలీకుండానే లోపల రెండు కిడ్నీలనూ తినేసింది. కాళ్లు వాచి, ఊపిరాడక పడిపోయినాకే మాకు తెలిసింది.

ఇప్పుడు దినం విడిచి దినం తిరుపతిలో డయాలసిస్. మిషన్ రక్తాన్ని కడిగేటప్పుడు చెడుతో పాటు ఆ అమైనో ఆమ్లాలూ కొన్ని కొట్టుకపోతాయంట. మామిడి బుట్టలు ఎత్తిన ఆ చేతులు పుల్లలైపోయినాయి. డాక్టరమ్మ ఈసారి తిరగేసి చెప్పింది. "పప్పులు, చెనిక్కాయల్లో ఉండే ఉప్పులను ఈ కిడ్నీలు బయటికి పంపలేవు, వాటిని బాగా తగ్గించండి. రోజూ గుడ్డులో తెల్లసొన పెట్టండి. లేకుంటే మనిషి నిలబడడు."

ఆ సాయంత్రమే గుడ్డు ఉడికించి, పచ్చసొన తీసేసి ముందర పెట్టినాను. తల అడ్డంగా ఊపినాడు. "మందనుకో అయ్యా, నీ కాళ్లు పట్టుకుంటా" అని ఏడ్చినాను. పోనీ కాణిపాకం పోయి, సామికి చెప్పుకుని మాట వాపసు తీసుకుందాం రా అని బతిమాలినాను.

"ఆయన ముందర నిలబడి తప్పినానని చెప్పాల్నా? ఈ నాలుగు దినాల కోసమా?" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పెండ్లయినప్పటి నుంచి ఈ మనిషి నాకిచ్చిన మాట ఒక్కటన్నా నిలబెట్టుకున్న పాపాన పోలేదు. సినిమాకు పోదామని పోలేదు, ఇల్లు బాగు చేయిస్తానని చేయించలేదు. నిలబెట్టుకునేదానికి ఈ ఒక్క మాటే దొరికిందా సామీ, అని దేవుడి పటం ముందర గట్టిగానే తిట్టినాను.

అయినా రోజూ గుడ్డు ఉడికిస్తాను. గిన్నె ఆయన పక్కన పెడతాను. దాని వైపు చూడనైనా చూడడు. చల్లారిపోయినాక నేనే తింటాను. నా ఒంటికి ఏ జబ్బూ లేదు.